పంటి నరం ఎంత స్పందిస్తే అంత నొప్పి తెలుస్తుందా?

పన్ను లోపలి నరం ఎంత గట్టిగా స్పందిస్తే నొప్పి కూడా అంతే ఎక్కువగా తెలుస్తుందా అని మీరు అడిగారు. కొంతవరకే అవును. నరం పంపేది సంకేతం మాత్రమే; అది నొప్పిగా తెలియాలంటే మెదడు దాకా చేరాలి, దారిలో అది పెరగవచ్చు, తగ్గవచ్చు, చోటు కూడా మారవచ్చు. నేను దంతవైద్యుణ్ణి కాను. కింది దవడ పన్ను ఒకటి చాలాకాలం బాధించినప్పుడు చికిత్స చేసిన డాక్టరుగారిని అడిగి, ఆ తర్వాత చదివి తెలుసుకున్నవి రాస్తున్నాను.

పంటి పైనుండే గట్టి పొర ఎనామిల్‌లో నరాలు ఉండవు. దాని కింద ఉండే డెంటిన్‌లో ఒకటి రెండు మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెడల్పున్న నాళికలు చదరపు మిల్లీమీటరుకు పదుల వేల సంఖ్యలో ఉంటాయి, వాటి నిండా ద్రవం ఉంటుంది. ఎనామిల్ అరిగినా, చిగురు కిందికి జారినా ఈ నాళికలు బయటపడతాయి. అప్పుడు చల్లని నీరు తగిలితే లోపలి ద్రవం బయటివైపు కదులుతుంది, ఆ కదలికకు నరాల కొసలు స్పందిస్తాయి. స్వీడన్‌కు చెందిన మార్టిన్ బ్రన్‌స్ట్రోమ్ 1960లలో ప్రయోగాలతో బలపరిచిన ఈ సిద్ధాంతమే నేటికీ ప్రధానంగా నిలిచి ఉంది. పల్ప్ (పన్ను మధ్యలో నరాలు, రక్తనాళాలు ఉండే మెత్తని భాగం) అంచున ఉండే ఒడోంటోబ్లాస్ట్ కణాలు చల్లదనాన్ని తామే గుర్తించగలవని 2021లో వెలువడిన పరిశోధన దీనికి మరో కోణం జోడించింది.

జివ్వుమని వచ్చి వెంటనే పోయే నొప్పిని సంకేతాలను వేగంగా మోసే ఏ-డెల్టా నరపోగులు కలిగిస్తాయి. మొద్దుగా, సలుపుతూ, చాలాసేపు నిలిచే నొప్పి సెకనుకు రెండు మీటర్లకు మించని వేగంతో సంకేతాలను మోసే సి-నరపోగులది. అవి సాధారణంగా పల్ప్ వాచినప్పుడే మేల్కొంటాయి.

నరం స్పందించినంత మాత్రాన నొప్పి తెలిసి తీరాలని లేదు. పన్ను మీద పరికరం కొసను ఆనించి కరెంటును కొద్దికొద్దిగా పెంచే పరీక్ష నాకు చేసినప్పుడు, మొదట తెలిసింది నొప్పి కాదు, సన్నని జలదరింపు. ఇంకా పెంచిన తర్వాతే అది నొప్పిగా మారింది. ఒకటి రెండు సంకేతాలు చాలవు, అనేక పోగుల నుంచి వరుసగా వచ్చినవి కలిసినప్పుడే నొప్పి తెలుస్తుంది అని డాక్టరుగారు అప్పుడు వివరించారు. పల్ప్ ఏ బాధా పెట్టకుండానే చనిపోయిన పళ్లు కూడా ఎన్నో ఉంటాయి.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచింది నొప్పి చోటు. నాకు నొప్పి పై దవడలోనూ, చెవి దగ్గరా తెలిసేది. పుచ్చిన పన్ను మాత్రం కింద ఉంది. డాక్టరుగారు ఒక్కొక్క పంటికీ చల్లదనం తగిలించి చూశారు. మిగిలిన పళ్లకు జివ్వుమన్నది తీయగానే పోయింది, ఆ కింది పంటికి మాత్రం తీసేశాక కూడా చాలాసేపు సలిపింది. ఆ పంటికి మత్తు ఇవ్వగానే పైన ఉన్న నొప్పి కూడా మాయమైంది. పళ్లు, దవడలు, చెవి పరిసరాల నుంచి వచ్చే నరాలలో చాలా వరకు మెదడును వెన్నుపాముతో కలిపే మెదడు కాండంలో ఒకే కేంద్రంలో కలుస్తాయి కాబట్టి, సంకేతం ఎక్కడి నుంచి వచ్చిందో మెదడు కచ్చితంగా తేల్చుకోలేదు. పైగా స్థానాన్ని తెలిపే గ్రాహకాలు పల్ప్‌లో కాక, వేరు చుట్టూ ఉండి దాన్ని ఎముకకు పట్టి ఉంచే లిగమెంటులో ఉంటాయి; వాపు అక్కడికి పాకిన తర్వాతే ఫలానా పన్ను అని వేలు పెట్టి చూపించగలుగుతాము.

పంటి పోటు గుండె లయతో కొట్టుకుంటుందని నేనూ అనుకునేవాణ్ణి, అలా అనిపించడం సహజం కూడా. కానీ 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, పంటి పోటుతో వచ్చినవారి చేత పోటు వచ్చిన ప్రతిసారీ మీట నొక్కించి చూస్తే, గుండె సగటున నిమిషానికి 73 సార్లు కొట్టుకుంటుండగా పోటు 44 సార్లే వచ్చింది. రెండు లయలకూ పొంతన కుదరలేదు. అంటే పోటు రక్తనాళపు కదలికను నరం ఉన్నదున్నట్టు చేరవేయడం వల్ల మాత్రమే కలిగేది కాదు.

పల్ప్ మొత్తం తీసేసి రూట్ కెనాల్ సవ్యంగా చేసిన తర్వాత కూడా కొద్దిమందిలో నెలల తరబడి నొప్పి మిగలడానికి, దీర్ఘకాలపు సంకేతాల వల్ల మెదడు కాండంలోని నరకణాలు అతిసున్నితంగా మారడం ఒక కారణం. ఆ నొప్పిని భ్రమ అనడం అన్యాయం. నొప్పినీ, సంకేతాన్నీ వేర్వేరు విషయాలుగా చూడాలనీ, నొప్పి ఉందని చెప్పేవారి మాటను గౌరవించాలనీ అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనంతో పాటు స్పష్టంగా పేర్కొంది.

మీకు చల్లదనం తీసిన వెంటనే నొప్పి పోతుంటే అది చాలావరకు డెంటిన్ బయటపడటం వల్ల వచ్చేదే. తీసేసినా నిలుస్తుంటే, లేదా ఏమీ తగలకుండానే రాత్రిపూట సలుపుతుంటే వెంటనే చూపించుకోండి. నొప్పి తెలుస్తున్న పన్నునే తీసేయమని పట్టుబట్టకుండా, ముందు పరీక్షలతో మూలం ఏదో తేల్చమని అడగండి.