కోటిపల్లి పంటు కాదు, కేకేస్తే ఆగడానికి

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, మేం ఓడెక్కుతున్నాం" అంది. ఆ గొంతులో సంబరం విని నాకు కళ్ళు చెమర్చాయి. కోటిపల్లి రేవులో గోదావరి దాటించే ముక్తేశ్వరం పంటు ఎక్కాలంటే నా ఓణీ కొంగు పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకునే పిల్ల, 62 ఏళ్ల వయసులో మయామీ నుంచి ఏడు రాత్రులు సముద్రం మీద తిరుగుతుందట. అదీ కూతురి సంపాదనతో. నువ్వు చేస్తున్న పనికి నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను. ఆ సంతోషంతోనే పడుకున్నాను. రెండింటికి మెలకువ వచ్చింది, ఇక నిద్ర పట్టలేదు. "రేవు రేవుకీ దిగి అన్నీ చూసేస్తాం" అని కూడా అంది కదా, అదీ నా బెంగ. తెల్లారగానే కూర్చుని రాస్తున్నాను.

ఓడ గురించి నీకు నేను చెప్పక్కర్లేదు. మొదటి రాత్రే హెడ్ వెయిటర్‌ని పిలిచి మీది శాకాహారం అని చెప్పు, మర్నాటి నుంచి పప్పో కూరో చేసి పెడతారు. వాంతుల మాత్రలు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి. ఓడ కదలగానే ఫోన్లన్నీ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, నడిసముద్రంలో ఓడ సిగ్నల్ తగిలితే బిల్లు చూసి గుండె ఆగుతుంది. అంతే.

కాగితాల దగ్గర మాత్రం కాస్త ఆగు. నీ, మీ ఆయన పాస్‌పోర్టుల్లో హెచ్1బి ఉద్యోగ వీసా స్టాంపింగ్‌కి ఇంకా గడువు ఉందా? ఐ-797 అనే ఆమోదపత్రం చేతిలో ఉంటే చాలని ఎవరైనా చెబితే నమ్మకు. వీసా గడువు తీరినా మెక్సికోకో కెనడాకో వెళ్ళి 30 రోజుల్లోపు తిరిగొస్తే రానిచ్చే నియమం ఒకటుంది. కానీ మీ ఓడ కేమన్‌కీ జమైకాకీ కూడా వెళ్తోంది, హెచ్1బి వాళ్ళకి ఆ దీవుల విషయంలో అది పనిచెయ్యదు. అమెరికా పౌరులు బర్త్ సర్టిఫికెట్ చూపించి ఓడెక్కేస్తుంటారు, ఆ వెసులుబాటు మనకి లేదు. మీ అమ్మానాన్నల విజిటర్ వీసా మీద మల్టిపుల్ ఎంట్రీ అని ఉందో లేదో నీ కళ్ళతో నువ్వు చూడు. ఒక్కో రేవుకీ ఇండియా పాస్‌పోర్టుకి ఏం కావాలో ఓడ కంపెనీని అడుగు. ఆ కాగితం లేకపోతే మీరు ఆ రేవులో దిగకపోయినా సరే, మయామీలోనే ఆపెయ్యొచ్చు. వాళ్ళ విజిటర్ ఇన్సూరెన్సు అమెరికా బయట పనిచేస్తుందా అన్నది కూడా అడిగి, జవాబు మెయిల్లో రాయించుకో. ఓడలో డాక్టరు ఉంటాడు, బిల్లు మాత్రం నీ కార్డు మీదే పడుతుంది.

ఇప్పుడు మెక్సికో దీవి కొజుమెల్ సంగతి చెప్తాను. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలీదు.

2017 జూలైలో నేనూ మీ పెదనాన్నగారూ వెళ్ళాం. కొజుమెల్ రేవు వచ్చేసరికి ఆయన మోకాలు వాచింది. ఆ దీవి నుంచి పడవలో ముప్పావుగంట వెళితే ప్లాయా దెల్ కార్మెన్, అక్కడి నుంచి వ్యానులో ఓ గంటపైన ప్రయాణం చేస్తే తులూమ్. సముద్రం ఒడ్డున కొండరాతి అంచు మీద మాయా జాతివాళ్ళు కట్టిన కోట, గుడి ఉన్నాయి. ఆ బొమ్మ ఒక పుస్తకంలో చూసినప్పటి నుంచి నాకు ఆ పిచ్చి. "నువ్వెళ్ళిరా, నేను పడుకుంటాను" అన్నారాయన. ఓడవాళ్ళ టూరుకి డబ్బెక్కువని, సొంతంగా, ఒక్కదాన్నీ బయల్దేరాను. దొంగల భయంతో చేతి గడియారం కూడా గదిలో వదిలేశాను. సాయంత్రం నాలుగున్నరకల్లా అందరూ ఓడలో ఉండాలి, ఐదింటికి కదులుతుంది. పొద్దున్న గదిలోకి వచ్చే కాగితంలో "ఓడ సమయం" అని లావు అక్షరాల్లో ఉంది. ఆయన పైకి చదివారు కూడా. నేను బ్యాగు సర్దుకుంటూ ఊఁ కొట్టాను.

తులూమ్ చూశాను. ఎండలో ఆ తెల్లటి రాళ్ళు, కింద నీలం నీళ్ళు. చూసింది చాలక ఇంకో అరగంట కూర్చున్నాను. ఎన్నిసార్లు చూసినా ఫోనులో బోలెడంత టైముంది. తిరుగు పడవ కొజుమెల్‌లో దింపేసరికి ఫోన్ 4 గంటల 5 నిమిషాలు చూపిస్తోంది. ఇంకా తీరికే అనుకుని, బండి మీద ఉప్పూ కారం నిమ్మరసం చల్లిన మామిడి ముక్కలు అమ్ముతుంటే ఆయన కోసం ఒక గ్లాసు కొన్నాను. అచ్చం మన ఊరి బడి ముందు అమ్మే ముక్కల్లాగే ఉన్నాయి. టాక్సీ ఎక్కాను. ఒడ్డు వెంట వెళ్తుంటే మా ఓడ కనిపించింది. అది రేవులో లేదు.

ఆ ప్రాంతం వాళ్ళు 2015 నుంచి ఏడాది పొడుగునా ఒకే టైము పాటిస్తారు, వేసవిలో మయామీ లాగా గంట ముందుకు జరపరు. ఓడ మయామీ టైములో నడుస్తోంది, నా ఫోన్ ఒడ్డు మీద సిగ్నల్ పట్టుకుని తనంతట తనే గంట వెనక్కి జరిగింది. నేను పడవ దిగేటప్పటికే ఓడ టైము ఐదు దాటింది. చిన్నప్పుడు కోటిపల్లిలో ఆలస్యమైతే మా నాన్న గట్టు మీద నుంచి ఒక్క కేక వేసేవాడు, పంటు వాళ్ళు ఆపి మమ్మల్ని ఎక్కించుకునేవాళ్ళు. నాకు తెలిసిన రేవు అది. వేలమందిని ఎక్కించుకున్న ఓడ ఏ కేకకీ ఆగదు చిన్నీ.

టాక్సీ దిగి, కాళ్ళు వణుకుతుంటే గేటు దగ్గరికి వెళ్ళాను. అక్కడ బెంచీ మీద మీ పెదనాన్నగారు కూర్చుని ఉన్నారు. గదిలో వేసుకునే చెప్పులతో. ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, అందులో రెండు పాస్‌పోర్టులు, నా థైరాయిడ్ మాత్రలు, నా స్వెట్టరు. నాలుగున్నర దాటాక మైకులో నా పేరు పిలిచారట. మీ ఆవిడ పాస్‌పోర్టు ఇక్కడి ఏజెంటుకి ఇచ్చేస్తాం, మీరు ఓడలోనే ఉండండి అన్నారట. ఈయన వినలేదు. వాచిన మోకాలితో మెట్లు దిగి వచ్చేశారు. నేను ఏడుస్తుంటే ఒక్క మాట కూడా అనలేదు. "ఆ గ్లాసులో ఏముంది?" అని అడిగి, మామిడి ముక్కలు తిన్నారు.

ఓడ తర్వాత ఆగేది మయామీలోనే. కొజుమెల్ ఏజెంటు ఇమిగ్రేషన్ ఆఫీసుకి తీసుకెళ్ళాడు, రెండు రాత్రులు హోటల్లో ఉన్నాం, తర్వాత విమానం. అన్నీ కలిపి దాదాపు 1,400 డాలర్లయ్యాయి. ఆలస్యం మనదే కాబట్టి ఇన్సూరెన్సు పైసా ఇవ్వలేదు. డబ్బు మర్చిపోయాను. ఆ చెప్పులు మర్చిపోలేదు.

అందుకే ఇంతలా పోరు పెడుతున్నాను. మీరూ వేసవిలోనే, జూన్‌లో వెళ్తున్నారు. కొజుమెల్, కేమన్, జమైకా, ఈ మూడూ అప్పుడు మయామీ కన్నా గంట వెనక ఉంటాయి. కొన్ని ఓడలు రేవుని బట్టి తమ గడియారం మార్చుకుంటాయి, కొన్ని మార్చవు. దిగేటప్పుడు ద్వారం దగ్గర ఉన్న మనిషిని అడిగి, గడియారం సరిచూసుకుని అప్పుడు అడుగు బయట పెట్టు. ఓడవాళ్ళ టూరు ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, లేదా తర్వాతి రేవుకి వాళ్ళే చేరుస్తారు. సొంతంగా వెళితే ఆ భరోసా లేదు, ఊళ్ళోనే తిరగండి. గంటన్నర ముందే వెనక్కి వచ్చేయండి. ఎనిమిది గంటలు ఆగుతుందని కాగితంలో ఉన్నా, మీ చేతికొచ్చేది ఆరు గంటలే. ఒక రేవులో ఒక్క చోటు చూడండి చాలు. కాగితంలో రేవు ఏజెంటు ఫోన్ నంబరు ఉంటుంది, ఫోటో తీసుకో. పాస్‌పోర్టుల జిరాక్సులు అందరి దగ్గరా ఉండాలి. మీ అమ్మని "ఇక్కడే కూర్చో, ఇప్పుడే వస్తాం" అని ఎక్కడా వదలొద్దు. ఒక్క నిమిషం కూడా.

కొజుమెల్‌లో దిగగానే నగల దుకాణాల మధ్య నుంచే దారి. ఓడలో వాళ్ళు మెచ్చుకునే దుకాణాలు ప్రచారానికి డబ్బు కట్టినవే. మీ అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపో, రాళ్ళ విషయంలో దాని మనసు ఎంత మెత్తనో నీకూ తెలుసు. అక్కడ బీన్స్ తినేముందు మాంటెకా వేశారా అని అడగండి, అది పంది కొవ్వు. మీ నాన్నగారికి తెలీక తింటే తర్వాత బాధపడతారు.

కేమన్‌లో ఓడ ఒడ్డుకి రాదు. దూరంగా లంగరు వేసి, టెండర్ అనే చిన్న పడవల్లో దింపుతారు. ఓడ నుంచి పడవలోకి ఒక్క అడుగు, పడవ ఊగుతూ ఉంటుంది. మీ అమ్మ అక్కడ భయపడుతుంది. నువ్వు ముందు దిగి ఎదురుగా నిలబడు, నీ మొహం చూస్తే వచ్చేస్తుంది. ఒకవేళ రానంటే బలవంతం చెయ్యకు, మీ నాన్నగారితో ఓడలో ఉండనీ. సముద్రం బాగా లేకపోతే ఆ రేవు మొత్తానికే మానేస్తారు. జూన్ 1 నుంచి తుపాన్ల కాలం, కెప్టెన్ మాటే చివరి మాట. దిగితే మాత్రం తోకలో ముల్లుండే స్టింగ్‌రే చేపల ఇసుకతిప్పకి బుజ్జిగాడిని తీసుకెళ్ళండి. పెద్దవాళ్ళకి నడుం లోతు నీళ్ళు, వాడిని ఎత్తుకునే ఉండాలి. కాళ్ళు ఎత్తి వెయ్యకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడవండి, చేప మీద అడుగు పడదు. అక్కడి డాలరు వేరు. మన డాలరుని 80 సెంట్ల కిందే లెక్కగడతారు, ధర చూసి చవకనుకోకు. కేమన్‌లోనూ జమైకాలోనూ బళ్ళు ఎడమవైపు నడుస్తాయి. మీ అమ్మానాన్నలకి అలవాటే, అమెరికాలో పెరుగుతున్న బుజ్జిగాడికే రోడ్డు దాటించేటప్పుడు జాగ్రత్త.

జమైకాలో మీ ఓడ ఓచో రియోస్‌లో ఆగుతుందని మీ అమ్మ చెప్పింది. డన్స్ రివర్ జలపాతం మెట్లుమెట్లుగా 600 అడుగుల పొడవున జారి సముద్రంలో కలుస్తుంది. జనం చెయ్యీ చెయ్యీ పట్టుకుని గొలుసులా ఎక్కుతారు. రాళ్ళు పాకుడు పట్టి ఉంటాయి, రబ్బరు బూట్లు కొనుక్కెళ్ళు. మీ అమ్మ మోకాళ్ళకి అది వద్దు, పక్కనే మెట్లదారి ఉంది. టాక్సీ ఎక్కితే ఎర్ర నంబరు ప్లేటు ఉన్నదే ఎక్కండి, మనిషికా బండికా అని అడిగి రేటు ముందే ఖాయం చేసుకోండి. అమ్మేవాళ్ళు వెంటపడతారు, నవ్వుతూ వద్దని చెప్పి నడిచిపోండి. వాళ్ళకి ఓడ వచ్చిన రోజే సంపాదన, విసుక్కోకు. గంజాయి కూడా అమ్మజూపుతారు, అక్కడా దాన్ని గాంజా అనే అంటారు. మీ ఆయన స్నేహితులెవరైనా సరదాకి అన్నా సరే, వీసా మీద ఉన్నవాళ్ళు దాని జోలికి పోకూడదు.

కానీ జమైకా అంటే భయపెట్టాలని కాదు. నాకు ఆ నేల చాలా ఇష్టం. 1845లో బ్లండెల్ హంటర్ అనే ఓడ కలకత్తా నుంచి చెరుకు తోటల కూలీలని తెచ్చి ఓల్డ్ హార్బర్ బే రేవులో దింపింది. ఆ తర్వాతా చాలా ఓడలు వచ్చాయి. ఒప్పందం గడువు తీరాక కొందరు ఇంటికి వెళ్ళారు, ఎక్కువమంది అక్కడే ఉండిపోయారు. అందుకే రోటీ, కర్రీ ఆ ఊళ్ళో అందరి తిండీ అయిపోయాయి. మీ అమ్మకి అక్కడ కాలలూ పెట్టించు, అది మన తోటకూరే. ఈస్ట్ ఇండియన్ అని ఒక మామిడి పండు ఉంటుంది, జూన్‌లో దొరుకుతుంది. కోసుకుని అక్కడే తినండి. పండు ఓడలోకి తేవొద్దు, మయామీ కస్టమ్స్‌లో పట్టుకుంటారు. మీ అమ్మ టెంక దాచుకుంటానంటుంది, ఒప్పుకోకు.

ఈ ఉత్తరంతో పాటు ఒక చిన్న పెట్టె కొరియర్‌లో పంపిస్తున్నాను. అందులో మీ పెదనాన్నగారి హెచ్ఎంటీ జనతా చేతి గడియారం ఉంది. ఈ ఉత్తరం రాస్తున్నానని తెలిసి ఆయనే చేతి నుంచి తీసి ఇచ్చారు. దానికి సిగ్నలూ గిగ్నలూ తెలీదు, ఏ దీవికి వెళ్ళినా తనంతట తను జరగదు. మయామీలో ఓడెక్కగానే ఓడ గడియారం చూసి పెట్టండి. రోజూ పొద్దున్నే కీ ఇవ్వాలి, లేకపోతే మర్నాటికి ఆగిపోతుంది. ఆ పని మీ నాన్నగారికి అప్పగించు. ఆయన మర్చిపోరు.

మీ పెద్దమ్మ