రంపాల జాతరకు వెళ్తున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

ఒహాయోలో ఇల్లు కొన్నావనీ, పెరట్లో ఎండిన యాష్ చెట్లు చూసి చైన్‌సా (మోటారు రంపం) కూడా కొనేశావనీ మీ అమ్మ చెప్పింది. ఆవిడ టెన్షన్ ఆవిడది. శనివారం మీ దగ్గర ఎవరి పొలంలోనో చైన్‌సా పిచ్చోళ్లంతా కలుస్తున్నారట, వెళ్లనా అని అడిగావు. తప్పకుండా వెళ్లు.

పికప్‌ల వెనక తలుపు దించి, దాని మీద రంపాలు వరసగా పేరుస్తారు. పాత మెకల్లక్, హోమ్‌లైట్ దగ్గర్నుంచి నిన్నమొన్నటి స్టిల్, హుస్క్‌వార్నా దాకా ఉంటాయి. దుంగను నలుచదరంగా చెక్కి కదలకుండా బిగించి, స్టాప్‌వాచ్ పెట్టి బిళ్లలు కోస్తారు. ఆ బిళ్లలకు అక్కడ ముద్దుపేరు కుకీలు. ఇంజన్ లోపల పోర్టులు అరగదీసి, సైలెన్సర్ విప్పార్చిన రంపాలతో పందెం వేస్తారు. చూడ్డానికి భలే ఉంటుంది, చెవులకే చిల్లు. చూసి ఆనందించు, అంతే. నీ పొయ్యిలోకి కట్టెలు కోసుకోవడానికి యాభై సీసీ రంపం చాలు.

నువ్వు వెతుక్కోవాల్సింది ఆకురాయి పట్టుకుని ఒక మూల కూర్చున్న ముసలాయన్ని. అలాంటివాడు ఒకడైనా ఉంటాడు. పక్కన కూర్చుని నీ చైన్ చూపించు. పన్ను అంచును వెలుతురులో తిప్పి చూడు. మూలన సన్నని మెరుపుగీత కనబడితే మొద్దుబారినట్టే. నిజమైన పదునంచు మెరవదు. పాయింట్ 325 పిచ్ (చైన్ లింకుల మధ్య దూరపు కొలత, అంగుళాల్లో) చైన్‌కు 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. లోపల్నుంచి బయటికి ఒకే వైపు తోయాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తెయ్యాలి. ఒక్కో పన్నుకు ఎన్ని తోపులో లెక్కపెట్టుకో, లేకపోతే ఒక వైపు పళ్లు పొట్టివై కోత వంకరపోతుంది. పన్ను ముందున్న చిన్న బొడిపెను రేకర్ అంటారు. అది పన్ను కంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. చైన్ కొయ్యడం లేదని దాన్ని ఇంకా అరగదీస్తే రంపం కర్రను కరిచి గుంజుతుంది. పదునుంటే పేళ్లు రాలతాయి, లేకపోతే పిండిలాంటి పొట్టు. ఇంత నేర్చుకుని వస్తే నీ శనివారం గిట్టినట్టే.

ఎవరి రంపమైనా అడక్కుండా ముట్టుకోకు. ఇస్తే మాత్రం చైన్ మట్టికి తగలనివ్వకు, ఒక్కసారి తగిలితే పదునంతా పోతుంది. పెట్రోల్ కూడా ఆ రంపం యజమాని డబ్బాలోదే పొయ్యాలి. కొత్తవాటికి సాధారణంగా 50 వంతుల పెట్రోల్‌కు ఒక వంతు ఆయిల్ (50:1) కలుపుతారు, పాతవాటికి ఆయిల్ ఎక్కువ పడుతుంది.

ఎడమ బొటనవేలు పిడి కింద నుంచి చుట్టి పట్టుకో. బార్ (చైన్ చుట్టూ తిరిగే పొడుగాటి రేకు) కొసలో పైభాగం దేనికైనా తగిలితే రంపం మొహం మీదికి లేస్తుంది, తప్పుకునే టైమ్ ఉండదు. నాలుగడుగులు నడవాల్సొచ్చినా చైన్ బ్రేక్ వెయ్యి. హెల్మెట్, ఇయర్‌మఫ్స్, చాప్స్ (కాళ్లకు కట్టుకునే రక్షణ తొడుగు) లేకుండా కారు దిగొద్దు. చాప్స్‌లోని పోగులు చైన్‌కు చుట్టుకుని పెట్రోల్ రంపాన్ని ఆపేస్తాయి. బ్యాటరీ రంపం విషయంలో అంత భరోసా పెట్టుకోకు.

ఇక నీ యాష్ చెట్లు. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే ఆసియా పచ్చ పెంకుపురుగు అమెరికాలో కోట్ల యాష్ చెట్లను చంపేసింది. చచ్చిన యాష్ పెళుసెక్కిపోతుంది, కోస్తుంటే పైనుంచి కొమ్మలు విరిగి పడతాయి. అందుకని అక్కడ ఎవరు ఎంత ఎగదోసినా, ఒక్క రోజు చూసొచ్చిన ధైర్యంతో నిలువు చెట్టు జోలికెళ్లకు. వాటిని మనిషిని పెట్టి పడగొట్టించు, కింద పడ్డాక ముక్కలు నువ్వు కోసుకో. ఆ పురుగు కట్టెలతో పాటే ఊళ్లు మారుతుంది కాబట్టి, దూరంలో ఉన్న స్నేహితులు అడిగినా ఆ కట్టెలు కార్లో వేసి పంపకు.

చాప్స్ నా దగ్గర ఒక జత అదనంగా ఉన్నాయి. నడుం కొలత మెసేజ్ పెట్టు, సరిపోతే శుక్రవారం లోపు అందేలా పంపిస్తాను.

మీ మావయ్య