చివరి అంకె కదులుతోందా?

చి. అమ్మలుకి మామయ్య ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు బ్యాంకు యాప్‌ల సెక్యూరిటీ పని మానేసి, కెమికల్ ప్లాంటులో కంట్రోల్ సిస్టమ్స్ సెక్యూరిటీ ఉద్యోగంలో చేరుతున్నావని చెప్పింది. అక్క గొంతులో సగం గర్వం, సగం భయం. నాకూ అంతే. ముప్పై ఏళ్ళు నేను తిరిగిన చోటికి మా ఇంటి పిల్ల వస్తోందని ఒకటే సంతోషం. ఆ చోటు ఎలాంటిదో తెలుసు కనక చాలాసేపు నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే మధ్యలోనే "సరే మామయ్యా" అనేస్తావు. అందుకే రాస్తున్నాను, చివరిదాకా చదువు.

నీకు వచ్చినవి మళ్ళీ చెప్పను. కంపెనీ నుంచి వచ్చిన పాస్‌వర్డులు మార్చడం, పెన్‌డ్రైవులు ఆపడం, వెండర్ల రిమోట్ లైను పనున్నప్పుడే తెరవడం, పీఎల్‌సీల (యంత్రాల్ని నడిపే చిన్న కంట్రోల్ కంప్యూటర్లు) ప్రోగ్రాముల బ్యాకప్ తీసి, అది నిజంగా లోడవుతుందో లేదో చూసుకుని, నెట్‌వర్క్‌కి దూరంగా దాచడం, ఇవన్నీ చేస్తావు.

ఒక్క తేడా మాత్రం మనసులో పెట్టుకో. బ్యాంకులో అనుమానం వచ్చిన సర్వర్‌ని లైను నుంచి పీకేస్తే నాలుగు లావాదేవీలు ఆగుతాయి. ఇక్కడ నువ్వు పీకిన కేబుల్ చివర ఒక పంపు ఉంటుంది, ఆ పంపు చల్లబరుస్తున్న రియాక్టరు ఉంటుంది. పైగా ఈ యంత్రాల భాష పాతది. ఈ పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే మాడ్‌బస్ 1979లో వచ్చింది. అడిగేది ఎవరో అది కనుక్కోదు. వాల్వు తెరవమని ఎవరు చెప్పినా తెరుస్తుంది. తయారుచేసినవాళ్ళ నిర్లక్ష్యం కాదది, ఆ రోజుల్లో తీగకి రెండు చివర్లా మనవాళ్ళే ఉండేవాళ్ళు. కాబట్టి ప్యాచ్‌తో, అంటే సాఫ్ట్‌వేర్ సవరణతో, పోయే లోపాలు కొన్నే. మిగతావి డిజైన్‌లోనే ఉన్నాయి, వాటి చుట్టూ గోడ కట్టాల్సిందే. కంట్రోల్ సిస్టమ్స్ సెక్యూరిటీ ప్రమాణం ఐఈసీ 62443లో జోన్లు (విడదీసిన భాగాలు), కాండ్యూట్లు (వాటి మధ్య కాపలా ఉన్న దారులు) అంటూ రాసింది దీని గురించే. ఆఫీసు నెట్‌వర్క్ నుంచి మాడ్‌బస్ వాడే పోర్ట్ 502కి దారి ఉంటే ముందు అది మూయించు.

ఇప్పుడు నేను చేసిన తప్పు చెబుతాను. మీ అత్తయ్యకి తప్ప ఇంట్లో ఎవరికీ పూర్తిగా తెలియదు.

అప్పుడు మా ప్లాంటుకి సెక్యూరిటీ ఆడిట్ రాబోతోంది. నెట్‌వర్క్ మీద ఏయే పరికరాలున్నాయో జాబితా కావాలన్నారు. ప్యానెల్ ప్యానెల్‌కీ తిరిగి రాసుకుంటే వారం పట్టేది. నేను కొత్తగా స్కానింగ్, అంటే నెట్‌వర్క్‌లోని ప్రతి పరికరాన్నీ ప్రశ్నలడిగి కనిపెట్టడం, నేర్చుకుని ఉన్నాను. అరగంటలో అయిపోతుంది కదా అనుకున్నాను. షిఫ్టు మారే ముందు, ఎవరికీ చెప్పకుండా, నా ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి కంట్రోల్ నెట్‌వర్క్ స్విచ్‌కి కలిపాను. అన్ని పోర్టులూ, పూర్తి వేగం. అడ్రసులు ఒకదాని వెంట ఒకటి పడుతుంటే ముచ్చటేసింది.

ట్యాంకుల దగ్గరున్న పీఎల్‌సీ చాలా పాతది. దాని ఈథర్‌నెట్ కార్డు అన్ని ప్రశ్నలు ఒకేసారి ఎన్నడూ ఎదుర్కోలేదు. ఉక్కిరిబిక్కిరై ఆగిపోయింది. ఆగినట్టు ఎవరికీ తెలియలేదు. అలారం మోగలేదు, తెర మీద రంగు మారలేదు. కమ్యూనికేషన్ పోతే ఆఖరి విలువనే చూపిస్తూ ఉండేలా ఎవరో ఎప్పుడో సెట్ చేసి వదిలేశారు. కాస్టిక్ సోడా ట్యాంకు లెవెల్ 91.4 దగ్గర నిలబడిపోయింది. ట్యాంకు నింపే పంపు వేరే పీఎల్‌సీ కింద నడుస్తుంది, 95 దగ్గర ఆగాలి. దానికీ అందుతున్నది ఆ 91.4 మాత్రమే. ఇంకా చోటుందనుకుని తోడుతూనే ఉంది. ట్యాంకు నిండిపోతే పంపు ఆపించే హై లెవెల్ స్విచ్ లేదా అని అడుగుతావు. ఉంది. పని కూడా చేసింది. కానీ దాని సిగ్నల్ కూడా నేను ఆపేసిన ఆ కార్డు మీదుగానే పంపుకి చేరాలి.

ట్యాంకు పొంగి డైక్‌లోకి, అంటే దాని చుట్టూ కట్టిన గోడ లోపలికి, కారింది. ఆ డైక్‌లో నిలబడి ఒక కాంట్రాక్టు కుర్రాడు పైపు సపోర్టుకి రంగు వేస్తున్నాడు. ఇరవై ఏళ్ళుంటాయేమో. పక్కనే ఉన్న ఫీల్డ్ ఆపరేటరు చూసి ఎమర్జెన్సీ స్టాప్ గుద్ది, అతన్ని ఎత్తుకెళ్ళి సేఫ్టీ షవర్ కింద నిలబెట్టాడు. నేను పరుగెత్తుకెళ్ళేసరికి ఆ పిల్లాడి పాదం చర్మం తెల్లబడి, నీళ్ళలో నానిన గుడ్డలా ఉంది. కంట్రోల్ రూము తెర మీద అప్పటికీ 91.4 ఉంది.

పాదం మానడానికి ఆరు వారాలు పట్టింది. వారానికోసారి వెళ్ళి పక్కన కూర్చునేవాణ్ణి. మొదటి రోజే నిజం చెప్పాను. "మీరు కావాలని చెయ్యలేదు కదా సార్" అన్నాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత ఆ లెవెల్ ట్రెండ్, అంటే నిమిషం నిమిషానికీ గీసిన గ్రాఫు, తీసి చూశాను. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ట్యాంకు లెవెల్ ఎప్పుడూ కదలకుండా ఉండదమ్మా. లోపల ద్రవం కదులుతుంటుంది, ట్రాన్స్‌మిటర్‌లో నాయిస్ ఉంటుంది, చివరి అంకె వణుకుతూనే ఉంటుంది. నేను స్కాన్ మొదలుపెట్టిన నిమిషం నుంచీ ఆ గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. పదకొండు నిమిషాలు. ఇద్దరు ఆపరేటర్లు దాని ముందే కూర్చుని ఉన్నారు.

నీకు తొందరెక్కువ. ఆ తొందర నా దగ్గరే నేర్చుకున్నావేమో అని నా బెంగ. నడుస్తున్న ప్లాంటులో స్కాన్ చెయ్యకు. అమెరికాలోని నిస్ట్ సంస్థ గైడు 800-82 తెరిచి చూడు. ఎవరో పింగ్ స్వీప్ (ఏయే పరికరాలున్నాయో తెలుసుకోవడానికి అన్ని అడ్రసుల్నీ పలకరించడం) చేస్తే, స్టాండ్‌బైలో ఉన్న తొమ్మిదడుగుల రోబో చెయ్యి ఉన్నట్టుండి 180 డిగ్రీలు తిరిగిందట. పరికరాల జాబితా కావాలంటే నోటుబుక్కు పట్టుకుని కేబుల్ వెంట నడువు. డ్రాయింగులో లేని మోడెమ్‌లు, ఎవరిదో తెలియని ల్యాప్‌టాప్‌లు అప్పుడే దొరుకుతాయి. స్విచ్‌లో మిర్రర్ పోర్టు (వెళ్ళే సందేశాల నకలు ఇచ్చేది) పెట్టించి ఊరికే విను, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలుస్తుంది. అంతకు మించి ఏం చెయ్యాలన్నా షట్‌డౌన్‌లోనే, షిఫ్టు ఇన్‌ఛార్జితో చెప్పే చెయ్యి. కమ్యూనికేషన్ పోతే తెర ఏం చూపిస్తుందో, పంపు ఏం చేస్తుందో ఒక్కొక్కటీ అడిగి రాసుకో. నువ్వు ఫైర్‌వాల్ నియమం మార్చినా అదే ప్రశ్న వస్తుంది.

2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అనే హానికర ప్రోగ్రాము గురించి నువ్వు నాకంటే ఎక్కువ చదివే ఉంటావు. ఇరాన్‌లోని నతాంజ్‌లో యురేనియం శుద్ధి చేసే సెంట్రిఫ్యూజుల వేగం మార్చేసి, ఆపరేటర్లకి మాత్రం ముందే రికార్డు చేసుకున్న మామూలు రీడింగులు చూపించింది. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది. నా ట్యాంకు అంకె చచ్చిపడి ఉంది, గమనిస్తే పట్టుకోవచ్చు. అక్కడి అంకెలు కదులుతూనే ఉన్నాయి, ఎందుకంటే అవి ఒకప్పుడు నిజమైనవే. అలాంటిదాన్ని పట్టుకోవాలంటే నెట్‌వర్క్‌తో సంబంధం లేని గేజు ఒకటి పరికరం మీదే ఉండాలి, దాన్ని చూసే మనిషి ఉండాలి. చిన్నప్పుడు నేను తెచ్చిచ్చిన పాత ప్రెషర్ గేజ్ గుర్తుందా? దాని అద్దం మీద వేలితో టక్ టక్‌మని కొట్టి, ముల్లు కదిలితేనే నమ్మేదానివి. మీ అమ్మ విసుక్కునేది. ఆ అలవాటు పోనివ్వకు.

మొదటి వారంలోనే సేఫ్టీ కంట్రోలర్ల (ప్రమాదం వస్తే ప్లాంటుని ఆపేసే కంప్యూటర్లు) దగ్గరికి వెళ్ళి తాళంచెవులు ఎటు తిరిగి ఉన్నాయో నీ కళ్ళతో చూడు. 2017లో సౌదీలోని పెట్రోకెమికల్ ప్లాంటులో ట్రైకోనెక్స్ సేఫ్టీ కంట్రోలర్లలోకి ట్రైటాన్ అనే హానికర ప్రోగ్రాము దూరింది. రన్‌లో ఉండాల్సిన తాళంచెవి ప్రోగ్రామ్‌లో, అంటే లోపలి ప్రోగ్రాము మార్చనిచ్చే స్థితిలో, వదిలేసి ఉంది. తిప్పి తీసి పెట్టుకోవడానికి నిమిషం పట్టదు. "మాటిమాటికీ మార్పులుంటాయి, అలా ఉంచాం" అంటారు. ఒప్పుకోకు. నా హై లెవెల్ స్విచ్ సంగతి చెప్పు, కావాలంటే నా పేరు పెట్టే చెప్పు.

ప్యాచ్‌ల విషయంలో నీకు ఓపిక కావాలి. వెండరు సరే అనాలి, స్పేరు మీద పరీక్షించాలి, జంటగా ఉన్న సర్వర్లలో ముందు ఒకదానికే వెయ్యాలి, షట్‌డౌన్ దాకా ఆగాలి. ఆగినన్నాళ్ళూ తలుపు మూసి ఉంచాలి. 2003 జనవరిలో అమెరికాలోని డేవిస్-బెస్సె అణు విద్యుత్ కేంద్రంలోకి స్లామర్ వర్మ్ (తనంతట తానే పాకే హానికర ప్రోగ్రాము) వెళ్ళింది ఫైర్‌వాల్‌లోంచి కాదు, దాన్ని తప్పించి వేసిన ఒక కాంట్రాక్టరు లైనులోంచి. సేఫ్టీ వివరాలు చూపించే డిస్‌ప్లే దాదాపు ఐదు గంటలు పోయింది. రియాక్టర్ అప్పటికే ఆగి ఉండటం అదృష్టం. ప్యాచ్ వచ్చి ఆరు నెలలైంది. అందుకే తీవ్రత స్కోరు పదికి 9.8 అని రాసి ఉన్న లోపం కన్నా, బయటి లైనుకి ఆనుకుని ఉన్న చిన్న లోపానికే నేను ఎక్కువ భయపడతాను.

ఆపరేటర్లతో మర్యాదగా ఉండు. నీకంటే చదువు తక్కువనిపించినా, ఆ ప్లాంటు చప్పుడు వాళ్ళకి తెలుసు. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో కరెంటు కంపెనీల కంప్యూటర్లలోకి హ్యాకర్లు దూరారు; మౌస్ పాయింటరు దానంతటదే కదిలి బ్రేకర్లు తెరుస్తుంటే ఆపరేటర్లు చూస్తూ ఉండిపోయారు. 2,25,000 మంది వినియోగదారులకి కరెంటు పోయింది. కొన్ని గంటల్లో తిరిగి వచ్చిందంటే, మనుషులు సబ్‌స్టేషన్లకి వెళ్ళి బ్రేకర్లు చేత్తో వెయ్యగలిగారు కాబట్టి. మీ ప్లాంటుని తెర లేకుండా ఒక షిఫ్టు నడపగలరా అని అడుగు. చివరిసారి ఎప్పుడు నడిపారో కూడా అడుగు.

ఇంకొకటి, సెక్యూరిటీ పని కంప్యూటరు ముందే కదా అనుకుని మామూలు చెప్పులతో వెళ్ళకు. సేఫ్టీ బూట్లు నీ కాలి కొలతకి సరిపోయేవి అడిగి తీసుకో, మగవాళ్ళ సైజు ఇచ్చి సర్దుకోమంటే సర్దుకోకు. ప్యాంటు బూటు పైనుంచి కిందికి ఉండాలి, బూటులోకి దోపకూడదు. ఆ కుర్రాడు దోపుకున్నాడు, అందుకే కారింది లోపలికి పోయింది. మొదటి రోజు తిరిగొచ్చాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి, మెలకువగానే ఉంటాను.

మామయ్య