హాట్ వీల్స్ కార్లకి గోడ డిస్‌ప్లే: 48 వేల కొటేషన్‌కి ఒప్పుకోవాలా?

ప్రశ్న: అన్నా, మాది నెల్లూరు, వేదాయపాలెంలో అద్దెకుంటాం. నాకు 31 ఏళ్ళు, కృష్ణపట్నం పోర్టు వైపు ఒక లాజిస్టిక్స్ కంపెనీలో పని, చేతికి 46 వేలు వస్తది. మా ఆవిడ ట్యూషన్లు చెప్పి ఓ 8 వేలు తెస్తది. పాపకి మూడేళ్ళు. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 38 వేలు, చీటీకి 5 వేలు కడుతున్నా. నాకు హాట్ వీల్స్ బొమ్మ కార్లంటే ప్రాణం, 260 ఉన్నాయి, అన్నీ అట్టపెట్టెల్లో మంచం కింద పడున్నాయి, నెలకి 4 వేల దాకా వాటికే పోతది. ఇప్పుడు హాల్లో గోడకి డిస్‌ప్లే చేయిద్దామని ఒక ఇంటీరియర్ షాపులో అడిగితే టేకు ప్లై, గ్లాస్ డోర్లు, లోపల లైట్లు అన్నీ కలిపి 48 వేలన్నారు. బ్యాంకులో 1,20,000 ఎఫ్‌డీ ఉంది. అందులోంచి తియ్యాలా, కార్డు మీద 12 నెలల ఈఎంఐ పెట్టాలా, లేకపోతే నడుస్తున్న లక్ష రూపాయల చీటీ పాడేసుకోవాలా? మా నాన్నేమో బొమ్మలకి డబ్బు తగలేస్తున్నావంటాడు, నేను ఇది కూడా ఇన్వెస్ట్‌మెంటే అంటున్నా. ఏంది నీ సలహా?

జవాబు: తమ్ముడూ, ముందు సంగతి చెప్పేస్తా, లెక్కలు తర్వాత. గోడ చేయించుకో, కాకపోతే 48 వేలది వద్దు. ఎఫ్‌డీ కదిలించొద్దు, కార్డు గీకొద్దు, చీటీ పాడొద్దు. నాలుగు నెలలు కొత్త కారు ఒక్కటి కూడా కొనకుండా ఉండు, నెలకి 4 వేల లెక్కన 16 వేలు మిగుల్తయ్యి, నీ 260 కార్లూ కనపడేలా గోడ అందులోనే అయిపోద్ది. ఇష్టపడి కొనుక్కున్న వస్తువులు మంచం కింద పెట్టెల్లో ఉంటే ఆ ఖర్చుకి అర్థమే లేదు, అందుకే గోడ చేయించుకోమని మనస్ఫూర్తిగా చెప్తున్నా.

ఎఫ్‌డీ ఎందుకు వద్దంటే, మీ ఇంటి ఖర్చు నెలకి 38 వేలు, అంటే ఆ 1,20,000 ఉద్యోగం పోతే మూడు నెలలు నడిపిద్ది, అంతే. ముగ్గురున్న ఇంటికి ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలి, నీ దగ్గర అందులో సగమే ఉంది, ఆ సగంలోంచి మళ్ళీ 48 వేలు తీస్తే ఇంక రెండు నెలలకి కూడా చాలదు. ముందే తీస్తే బ్యాంకు వడ్డీలో కొంత కోత పెట్టేది ఎట్టాగూ ఉంటది.

కార్డు ఈఎంఐ సంగతి. 48 వేలు 12 నెలలకి, వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుందాం, నెలకి దాదాపు 4,330 కట్టాలి, వడ్డీ 4 వేలు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఇంకో ఏడొందలు, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఇది అన్నీ టైముకి కడితే. ఒక్క నెల మొత్తం కట్టలేక మినిమమ్ డ్యూ, అంటే బిల్లులో అడిగే కనీస మొత్తం మాత్రం కట్టావనుకో, మిగిలిన దాని మీద నెలకి మూడు, మూడున్నర శాతం వడ్డీ మొదలవుద్ది, పైగా పాత బాకీ తీరేదాకా కార్డు మీద కొత్తగా ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ, ఫ్రీ పీరియడ్ అనేది ఉండదు. చీటీ అయితే మొదట్లో పాడేకొద్దీ తోపుడు, అంటే పాటలో వదులుకునే డబ్బు ఎక్కువ, చేతికొచ్చేది తక్కువ, పిల్ల ఫీజో హాస్పిటలో అయితే పాడుకోవచ్చు, దీనికి పాడుకోకూడదు.

ఇంకొకటి నువ్వు ఆలోచించావో లేదో, మీది అద్దె ఇల్లు. ఆ షాపువాళ్ళు చెప్పింది హాలు గోడ కొలతలకి సరిపోయేలా చేసి గోడకే బిగించేది. రేపు ఇల్లు ఖాళీ చేస్తే అది పీకటానికి కార్పెంటర్‌కి కూలీ ఇవ్వాలి, పీకినప్పుడు గోడ పెచ్చులూడితే ఓనరు అడ్వాన్సులో పట్టుకుంటాడు, తీసుకుపోయిన ఇంట్లో ఆ సైజు గోడ ఉంటదో ఉండదో తెలవదు. సొంతిల్లు కాని దాంట్లో గోడకి అతికిపోయే దేని మీదా పెద్ద డబ్బు పెట్టకూడదనేది నా పద్ధతి, మాడ్యులర్ కిచెన్ అయినా అంతే, ఇదైనా అంతే.

అందుకని ఒక్క పెద్దది కాకుండా మూడు ఫ్రేములు చేయించు, ఒక్కోటి రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. హాట్ వీల్స్ మామూలు కారు 1:64 స్కేలు, అంటే అసలు బండి సైజులో 64వ వంతు, పొడవు మూడంగుళాలకి కాస్త అటూ ఇటూ. పక్కకి తిప్పి పెడితే ఒక్కో కారుకి మూడున్నర అంగుళాలు ఇస్తే సరిపోద్ది, అంటే ఒక అరలో ఆరు కార్లు. 12 ఎంఎం ప్లైతో అరలు కొడితే మూడడుగుల ఎత్తులో 15 అరలొస్తయ్యి, ఒక్కో అర లోపల ఎత్తు రెండంగుళాలకి కొంచెం తక్కువ, మామూలు కార్లన్నీ హాయిగా పడతయ్యి. ఆరు పదిహేన్లు తొంభై, మూడు ఫ్రేములకి 270, నీవి 260. ఎత్తు ఎక్కువున్నవి ఉంటే ఒక ఫ్రేములో కింద రెండు అరలు కలిపి ఒకటి చేయమను. లోతు రెండంగుళాలు చాలు, షాపువాళ్ళు చెప్పే ఆరేడంగుళాల లోతు కప్‌బోర్డు లెక్క, కారు వెనక ఖాళీ తప్ప ఇంకేం ఉండదు, దానికీ నువ్వే డబ్బు కడతావు.

కార్పెంటర్ దగ్గరికి పోయే ముందు ఒక పని చెయ్. అట్టముక్క మీద స్కేలు పెట్టి ఒక అర అసలు సైజులో గీసి, అందులో నీ కార్లలో అన్నిటికన్నా పొడుగుదీ ఎత్తుదీ పెట్టి చూడు. చక్రం అంచు గీత దాటిందంటే అక్కడే కొలత మార్చుకోవచ్చు, ప్లై కోసినాక మార్చలేం.

సరుకు ఎంత పడుద్దో చూద్దాం. ప్లైవుడ్ షీటు 8 అడుగులు బై 4 అడుగులు, అంటే 32 చదరపు అడుగులు. అరలకి, పక్క పలకలకి మూడు ఫ్రేములకీ కలిపి 19 చదరపు అడుగులు, వెనక పలకలకి 18. కాబట్టి 12 ఎంఎం షీటు ఒకటి, 6 ఎంఎం షీటు ఒకటి, రెండూ ఇంకా మిగుల్తయ్యి. టేకు ప్లై అక్కర్లేదు. కానీ చవగ్గా వస్తదని ఎండీఎఫ్ (చెక్క పీచు నొక్కి చేసే పలక) జోలికి పోవద్దు, మనది సముద్రానికి దగ్గర ఊరు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా గోడలే చెమ్మ పట్టేస్తయ్యి, ఎండీఎఫ్ ఒకసారి తడి పీల్చి ఉబ్బిందంటే మళ్ళీ దిగదు. ప్లై మీద ఐఎస్ 303 ముద్ర, బీడబ్ల్యూఆర్ (మరిగే నీళ్ళకి కూడా తట్టుకునే) గ్రేడ్ అని ఉందో లేదో షీటు అంచున చూసి తీసుకో. ముందు వైపు గాజు బదులు 2 ఎంఎం అక్రిలిక్ షీటు, పైనా కిందా ఛానల్ పెట్టి జరిపేలా. గాజు బరువు, చిన్న పిల్లున్న ఇల్లు, అక్రిలిక్కే నయం. కాకపోతే దాన్ని పొడి గుడ్డతో రుద్దితే గీతలు పడతయ్యి, తడి మెత్త గుడ్డ వాడాలి.

ఇవి రెండు షీట్లు, అక్రిలిక్, ఛానల్, ఫెవికాల్, ప్రైమర్, పెయింటు, మేకులు అన్నీ కలిపి నా అంచనా 7, 8 వేలు. కార్పెంటర్‌కి రోజు కూలీ మాట్లాడుకుని మూడు నాలుగు రోజులు, ఇంకో 5 వేల దాకా. మొత్తం 13 వేల చుట్టుపక్కల తేలుద్ది, 16 వేలు అనుకుంటే చెయ్యి కాస్త ఆడుద్ది. రేట్లు షాపుకో రకంగా ఉంటయ్యి కాబట్టి రెండు మూడు చోట్ల అడిగి కాగితం మీద రాయించుకో, ప్లై నువ్వే కొని కార్పెంటర్‌కి కూలీ మాత్రమే ఇవ్వు, మొత్తం కాంట్రాక్టు ఇస్తే గ్రేడు మారిపోతది. కోతలు షాపులోనే మిషన్ మీద కొలతకి కోయించుకుంటే ఒక రోజు కూలీ మిగుల్తది. లైట్లు ఇప్పుడొద్దు, కావాలంటే సంక్రాంతికో ఉగాదికో బోనస్ వచ్చినప్పుడు ఎల్‌ఈడీ స్ట్రిప్ అతికించుకోవచ్చు, దానికి ఫ్రేమ్ ఏమీ మార్చాల్సిన పన్లేదు.

బరువు గురించి భయం వద్దు, ఒక ఫ్రేములో 90 కార్లూ కలిపి మూడున్నర కేజీలు, ఫ్రేముతో కలిపి పది పన్నెండు కేజీలుంటది. రాల్ ప్లగ్గులు కొట్టి ఒక్కో ఫ్రేముకి రెండు గట్టి స్క్రూలు చాలు, ఇల్లు మారేటప్పుడు రెండు బెజ్జాల్లో పుట్టీ పెడితే ఓనరు ఏమీ అనడు. ఓనరుకి ముందే ఒక మాట చెప్పు. మధ్యాహ్నం ఎండ పడే గోడకి మాత్రం పెట్టొద్దు, మన నెల్లూరు ఎండకి ఎర్ర రంగులు ముందు వెలిసిపోతయ్యి, ప్యాకెట్లో ఉన్నవాటి ప్లాస్టిక్ పచ్చబడుద్ది. ఇంకా, కింద ఫ్రేము నేలకి కనీసం మూడడుగుల ఎత్తులో ఉండాలి. 2021 నవంబర్లో పెన్నా పొంగినప్పుడు ఇళ్ళల్లోకి నీళ్ళు ఎట్టా వచ్చినయ్యో మనూళ్ళో వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు, మంచం కింద అట్టపెట్టెలకన్నా గోడ ఎట్టా చూసినా భద్రమే.

ఇప్పుడు ఇన్వెస్ట్‌మెంట్ మాట. ఇక్కడ నేను మీ నాన్న వైపు కొంచెం జరుగుతా. హాట్ వీల్స్ 1968లో మ్యాటెల్ అనే అమెరికా బొమ్మల కంపెనీ మొదలుపెట్టింది, అప్పట్నుంచి మామూలు మెయిన్‌లైన్ కార్లు లక్షల్లో తయారవుతానే ఉన్నయ్యి. నువ్వు సూపర్ మార్కెట్లో నూట యాభై, రెండొందల మధ్య కొన్న కారు ఎక్కడ చూసినా దొరుకుద్ది, దొరికే వస్తువుకి రేటు పెరగదు. కోట్లు పలికిందని జనం చెప్పుకునేది 1969 నాటి గులాబి రంగు ఫోక్స్‌వ్యాగన్ బీచ్ బాంబ్, వెనక అద్దంలోంచి సర్ఫ్‌బోర్డులు బయటికి పెట్టి ఉంటది. అది ప్రోటోటైప్, ట్రాక్ మీద సరిగ్గా నడవక డిజైన్ మార్చేశారు, ఆ రూపంలో షాపుకే రాలేదు. దాన్ని చూసి మన షెల్ఫులో బండ్లకి లెక్క కట్టకూడదు. నీ దగ్గర ట్రెజర్ హంట్‌లు, అంటే కంపెనీ తక్కువగా వదిలే అరుదైన కార్లు ఉంటే అవి వేరు, సూపర్ ట్రెజర్ హంట్ అయితే మెరిసే స్పెక్ట్రాఫ్లేమ్ పెయింటు, రబ్బరు టైర్లు, బండి మీద టీహెచ్ గుర్తు ఉంటయ్యి, వాటికి కొనేవాళ్ళు నిజంగానే ఎక్కువిస్తారు. కానీ అదీ ప్యాకెట్ విప్పకపోతేనే మంచి రేటు. నువ్వు విప్పి గోడకి పెట్టేవాటికి అమ్మకం విలువ దాదాపు లేదనే అనుకో.

అమ్మటం కూడా తేలిక కాదు. బంగారం అయితే ఏ ఊళ్ళో అయినా గంటలో డబ్బవుద్ది. కార్లు గ్రూపుల్లో ఫోటోలు పెట్టి, బేరమాడి, ప్యాక్ చేసి కొరియర్ వెయ్యాలి, కొనేవాడు బాగున్న పది ఏరుకుని మిగతా రెండొందల యాభై నీకే వదిలేస్తాడు. నువ్వు వాటికి ఇప్పటిదాకా పెట్టింది నలభై వేల పైనే ఉంటది, అది నీ సరదా ఖర్చు. నెలకి ఇంత అని గీత గీసుకుని సరదాకి ఖర్చు పెట్టటం తప్పేం కాదు, ఆ మాట మీ నాన్నకి నేను చెప్పానని చెప్పు. ఇన్వెస్ట్‌మెంట్ అనే పేరు మాత్రం తీసెయ్, ఆ పేరుండబట్టే 4 వేలు పోతున్నా చెయ్యి ఆగట్లేదు.

నేను 270 కార్ల చోటుతో ఆపమనటానికి అసలు కారణం ఇదే. గోడలో పది ఖాళీలే మిగుల్తయ్యి. నాలుగో ఫ్రేము చేయించనని మీ ఆవిడ ముందు ఒప్పుకో. పది నిండినాక కొత్త కారు గోడకెక్కాలంటే పాతది ఒకటి దిగాలి, దిగింది ఎవరి పిల్లలకో పుట్టినరోజుకి ఇచ్చెయ్ లేదా మార్పిడి చేసుకో. అప్పుడు నెలకి 4 వేల అవసరమే ఉండదు, 1,500 పెట్టుకో, నచ్చింది ఏరి కొనుక్కుంటావు, అది ఇంకా బాగుంటది.

మిగిలిన 2,500 పాప పేరు మీద సుకన్య సమృద్ధిలో వెయ్, పోస్టాఫీసులో పాప బర్త్ సర్టిఫికెట్, నీ ఆధార్, పాన్ తీసుకెళ్తే తెరుస్తారు. 15 ఏళ్ళు కట్టాలి, ఖాతా తెరిచిన 21 ఏళ్ళకి చేతికొస్తది. వడ్డీ 8.2 శాతం, మూడు నెలలకోసారి గవర్నమెంటు చూసి మారుస్తది, ఇదే రేటు ఉంటదనుకుంటే నువ్వు కట్టిన నాలుగున్నర లక్షలకి 13 లక్షల పైచిలుకు అవుద్ది. మధ్యలో ఊరికే తియ్యటానికి ఉండదు, 18 ఏళ్ళు నిండినాక చదువుకి సగం దాకా తీసుకోవచ్చు. నీలాంటి చెయ్యి ఆగనోడికి ఆ తాళమే మంచిది.

చీటీ చివర్లో పాడి వచ్చిన డబ్బు ఎఫ్‌డీ పక్కన చేరిస్తే దాదాపు 2,20,000 అవుద్ది, ఆరు నెలల ఖర్చుకి దగ్గరికొస్తావు. ఆ చీటీ రిజిస్టర్ అయిందో కాదో ఈ వారంలోనే కనుక్కో.

నువ్వు ప్రశ్నలో రాయని దాని గురించి కూడా అడగాలి, టర్మ్ ఇన్సూరెన్స్, అంటే నీకేమన్నా అయితే ఇంటివాళ్ళకి డబ్బొచ్చే పాలసీ ఉందా? రాయలేదంటే లేదనే అనుకుంటున్నా. 31 ఏళ్ళకి, సిగరెట్ అలవాటు లేకపోతే, కోటి రూపాయల కవర్‌కి నెలకి వెయ్యి, పదిహేనొందల మధ్యలో అయిపోద్ది, 2025 సెప్టెంబర్ 22 నుంచి దాని మీద జీఎస్టీ కూడా తీసేశారు. కార్లు కొనకుండా ఉండే ఈ నాలుగు నెలల్లో మొదటి నెలలోనే అది తీసుకో, ప్రీమియం ఇంటి ఖర్చు, చీటీ, కార్ల డబ్బు పోగా మీ ఇద్దరి సంపాదనలో నెలకి మిగిలే ఏడు వేల లోపు డబ్బుల్లోంచి కట్టు, ఫ్రేముల డబ్బు ముట్టుకోకు. ప్రపోజల్ ఫారంలో షుగర్, బీపీ, మందు అలవాటు ఏదున్నా దాచకుండా రాయి. రెండు మూడు కంపెనీల కొటేషన్లు తీసుకుని నాకు పంపితే ఏది తీసుకోవాలో చూసి చెప్తా.