ఆఫీసులో గోల్ఫ్‌కి రమ్మన్నారు: వెళ్లాలా, వద్దా?

ప్రశ్న: అమెరికా వచ్చి ఎనిమిది నెలలైంది. వచ్చే నెల గోల్ఫ్ స్క్రాంబుల్ ఉంది, పేరివ్వమని టీమ్‌వాళ్లు అడుగుతున్నారు. క్రికెట్ ఆడాను కానీ గోల్ఫ్ క్లబ్బు ఎప్పుడూ పట్టుకోలేదు. నలుగురిలో నవ్వులపాలవుతానేమోనని భయం. డబ్బున్నవాళ్ల ఆటలో మనకేం పని అని కూడా అనిపిస్తోంది. ఏం చేయమంటారు?

జవాబు: పేరివ్వండి. స్క్రాంబుల్ అంటే నలుగురు ఒక జట్టు. నలుగురూ కొడతారు, అందులో బాగా పడిన బంతిని ఎంచుకుని, అక్కణ్ణుంచి మళ్లీ నలుగురూ కొడతారు. మీ దెబ్బ పక్క చెరువులో పడ్డా జట్టుకి నష్టం లేదు. అదృష్టం బాగుండి మీరు ఒక్క పుట్ (గుంటలోకి దొర్లించే మెల్లని దెబ్బ) వేసినా అందరూ చేతులు కలుపుతారు. కొత్తవాళ్ల కోసమే పుట్టినట్టుంటుంది ఈ పద్ధతి. నెల రోజుల టైముంది కాబట్టి నవ్వులపాలయ్యే ప్రశ్నే లేదు. మీరు తడబడితే అది దెబ్బ దగ్గర కాదు, మర్యాదల దగ్గర. అవి ఎవరూ నోటితో చెప్పరు.

ముందు సామాన్ల సంగతి. కొత్త సెట్ కొనకండి. నిబంధనల ప్రకారం బ్యాగులో 14 క్లబ్బుల వరకు ఉండొచ్చు గానీ, మొదటి ఏడాది దూరానికి ఒక హైబ్రిడ్, మధ్య దూరాలకి 7 ఐరన్, 9 ఐరన్, ఇసుకలోంచి తీయడానికి శాండ్ వెడ్జ్, పుట్‌కి పుటర్ ఉంటే చాలు. పాత సామాన్ల షాపులో దొరుకుతాయి. చాలా కోర్సుల్లో అద్దెకూ ఇస్తారు. కుడిచేతివాటమైతే ఎడమచేతికి ఒక గ్లవ్, చవకరకం బంతులు రెండు డజన్లు, బంతిని నిలబెట్టే చిన్న మేకులు (టీలు) గుప్పెడు, గ్రీన్ (గుంట చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి) మీద బంతికి గుర్తు పెట్టడానికో నాణెం తీసుకెళ్లండి. కాలరున్న చొక్కా వేసుకోండి. జీన్స్ ఒప్పుకోని చోట్లు ఉన్నాయి, ముందే ఫోన్ చేసి కనుక్కోండి. డబ్బున్నవాళ్ల ఆట అన్న మాట ప్రైవేటు క్లబ్బుల విషయంలో నిజమే. కానీ ఊరి మున్సిపల్ కోర్సులో సాయంత్రం తగ్గింపు (ట్వైలైట్) రేటుకి 9 హోల్స్ (గుంటలు, పూర్తి ఆటకి 18) ఆడితే ఖర్చు ఇద్దరు హోటల్లో తిన్నంతే అవుతుంది.

ఇక ప్రాక్టీసు. డ్రైవింగ్ రేంజ్‌కి వెళ్లి చిన్న బకెట్ బంతులు తీసుకోండి. అందరూ చేసే తప్పు ఏమిటంటే, బకెట్ మొత్తం డ్రైవర్‌తో (అన్నిటికన్నా దూరం కొట్టే పొడుగు క్లబ్బు) ఖాళీ చేసేయడం. సగం బంతుల్ని 50 గజాల లోపలికే కొట్టండి, మిగతా సగాన్ని 7 ఐరన్‌తో. తర్వాత పక్కనున్న ప్రాక్టీస్ గ్రీన్ మీద పావుగంట పుట్ చేయండి. పార్ (బాగా ఆడేవాళ్లకి పట్టే దెబ్బల లెక్క) 72 ఉన్న కోర్సులో ప్రతి గ్రీన్‌కి రెండు పుట్ల చొప్పున 36 లెక్కలోనే ఉంటాయి. అంటే సగం ఆట అక్కడే, బలంతో పనిలేని చోట.

క్రికెట్ ఆడిన చేతులకి గోల్ఫ్‌లో రెండు ఇబ్బందులొస్తాయి. క్రికెట్లో మనం బంతి మీదికి వెళ్లి ఆడతాం. ఇక్కడ బంతి కదలదు, తలను ముందుకు తీసుకెళ్తే దెబ్బ తప్పుతుంది. రెండోది, బంతిని పైకి లేపాలన్న ఆత్రం. లేపబోయి వెనక్కి వాలిపోతాం, క్లబ్బు అంచు బంతి నడినెత్తిన తగులుతుంది, బంతి కుందేలులా నేలమీద పరిగెడుతుంది. ఐరన్ ముఖానికి వాలు ముందే ఉంది, లేపే పని దానిది. మీరు ముందు బంతిని తాకి, ఆ తర్వాత గడ్డిని గీసుకుంటూ కిందికి కొట్టాలి. కుడిచేతివాటంవాళ్లకి బంతి కుడివైపుకి వంకర తిరిగిపోతుంటే దాన్ని స్లైస్ అంటారు. క్లబ్బు బయటినుంచి లోపలికి వస్తూ, ముఖం తెరుచుకుని (కుడివైపు తిరిగి) ఉండటం దానికి కారణం. దాన్ని సరిచేయాలని ఇంకా గట్టిగా కొడితే ఇంకా తిరుగుతుంది. పట్టు సడలించండి. నిద్రపోతున్న పసిబిడ్డ చెయ్యి పట్టుకున్నంత మెత్తగా చాలు. వీలైతే ఒక్క గ్రూప్ లెసనైనా తీసుకోండి, చెడ్డ అలవాటు పడ్డాక దాన్ని వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం.

మర్యాదల్లో కొన్ని తప్పనిసరి. ఎవరైనా కొట్టబోతుంటే మాట్లాడొద్దు, కదలొద్దు, వాళ్ల వెనక నిలబడొద్దు. బంతి మనుషులవైపు వెళ్తే సిగ్గుపడకుండా "ఫోర్!" (జాగ్రత్త) అని గొంతు చించుకుని అరవండి. అరవకపోవడమే తప్పు. గ్రీన్ మీద ఇంకొకరి బంతికీ గుంటకీ మధ్య గీతను తొక్కకండి. కార్టును గ్రీన్ ముందు కాకుండా, తర్వాతి టీ (మొదటి దెబ్బ కొట్టే చోటు) వైపు పక్కగా ఆపండి. ఇసుక బంకర్లోకి లోతు తక్కువున్న వైపునుంచి దిగి, కొట్టాక మీ అడుగుల గుర్తులతో సహా రేక్ చేసి బయటికి రండి. ఉరుముల హారన్ మోగితే ఆ దెబ్బ కూడా పూర్తిచేయకుండా వెళ్లిపోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ గౌరవం తెచ్చే చిన్నపని ఇంకొకటుంది. పైనుంచి పడిన బంతి గ్రీన్ మీద చిన్న గుంట చేస్తుంది. రెండు పళ్ల పనిముట్టునో, ఒక టీనో ఆ గుంట అంచుకి బయట ఏటవాలుగా గుచ్చి, గడ్డిని నడిమికి నెట్టాలి. చుట్టూ నాలుగైదు చోట్ల అలా చేసి, పుటర్ అడుగుతో మెల్లగా తట్టాలి. చాలామంది అడుగునుంచి పైకి ఎత్తుతారు. అలా ఎత్తితే గడ్డివేళ్లు తెగి, ఆ జాగా వారాల తరబడి గోధుమరంగులో ఎండి కనిపిస్తుంది. మీ గుంటతోపాటు పక్కనున్న ఇంకెవరిదో కూడా సరిచేయండి. వెనకొచ్చేవాడు మనకి ఎదురుపడడు, అయినా వాడికోసం మోకాలు వంచడం ఈ ఆట నేర్పే మొదటి సంస్కారం.

ఆట నెమ్మదిస్తే జట్టుకి కోపమొస్తుంది. అందుకే ఎవరి బంతి వాళ్లే ఆడే మామూలు ఆటలో చేరినప్పుడు మొదటి టీ దగ్గరే చెప్పేయండి: "కొత్తవాణ్ణి, పార్‌కి రెట్టింపు కాగానే బంతి తీసేస్తాను." ఈ ఒక్కమాటతో ముగ్గురూ ఊపిరి పీల్చుకుంటారు. పోయినచోటే వెతుక్కోమన్నారు పెద్దలు, కానీ గోల్ఫ్‌లో మూడు నిమిషాలే వెతకాలి. 2019 దాకా అయిదు ఉండేవి, తగ్గించారు. బంతి పోయిందని అనుమానమొస్తే ముందుకి నడవకముందే "ప్రొవిజనల్" (తాత్కాలిక బంతి) అని పైకి చెప్పి ఇంకో బంతి కొట్టండి. లేకపోతే మళ్లీ వెనక్కి నడిచి, టీ మీదనుంచి మూడో దెబ్బగా కొట్టాలి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ ఆటలో అంపైర్ లేడు. మీ దెబ్బలు మీరే లెక్కపెట్టుకోవాలి. పొదల్లో బంతి కొంచెం కదిలితే చూసేది మీరొక్కరే. కర్రాబిళ్ళ ఆడేటప్పుడు దూరాన్ని కర్రతోనే కొలిచి, ఆ కొలత మీద ఊరంతా వినిపించేలా గొడవపడేవాళ్లం. ఇక్కడా ఎర్రమేకులున్న పెనాల్టీ ఏరియా (చెరువు, కాలువలాంటివి)లోకి బంతి పోతే, ఒక దెబ్బ కలుపుకుని, అది దాటిన చోటునుంచి రెండు క్లబ్బుల పొడవు లోపల, గుంటకు దగ్గర కాకుండా, మోకాలెత్తునుంచి వదలాలి. కర్రతో కొలవడం మనకి కొత్త కాదు, గొడవపడ్డానికి ఎదుటివాడు లేకపోవడం కొత్త.

మనవాళ్లకి దగ్గరి ఉదాహరణ ఉంది. తెలుగు తల్లిదండ్రులకు కాలిఫోర్నియాలో పుట్టిన సాహిత్ తీగల 2023లో ఫోర్టినెట్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు, అమెరికా ప్రొఫెషనల్ పోటీలైన పీజీఏ టూర్‌లో అతని మొదటి గెలుపు అది. మరుసటి ఏడాది అట్లాంటాలోని ఈస్ట్ లేక్‌లో టూర్ ఛాంపియన్‌షిప్ మూడో రౌండ్‌లో, బంకర్లో క్లబ్బు వెనక్కి తీసేటప్పుడు ఇసుక తగిలిందని అతనికి అనిపించింది. నిబంధన ప్రకారం దానికి రెండు దెబ్బల శిక్ష. ఎవరూ అడగలేదు, అతనే చెప్పి వేయించుకున్నాడు. చివరికి మూడో స్థానంలో నిలిచాడు, రెండో స్థానానికి సరిగ్గా రెండు దెబ్బల దూరంలో. ఆ రెండూ లక్షల డాలర్ల దెబ్బలు. 1925 యూఎస్ ఓపెన్‌లో అమెరికా దిగ్గజం బాబీ జోన్స్ కూడా బంతి కదిలిందని తనకి తానే ఒక దెబ్బ వేసుకుని, ఆఖరికి ప్లేఆఫ్‌లో ఓడిపోయాడు. వందేళ్లయినా గోల్ఫ్ ఆడేవాళ్లు ఆ మాట చెప్పుకుంటూనే ఉన్నారు.

కొత్తగా వచ్చినవాళ్లకి ఇది ఎందుకు పనికొస్తుందంటే, మనలో చాలామందికి తప్పు జరిగితే సర్దేశాక చెబుదామన్న అలవాటుంటుంది. మార్కుల చదువులు నేర్పిన భయం అది. ఇక్కడి ఆఫీసుల్లో తప్పు కన్నా ఆలస్యంగా చెప్పడమే పెద్ద నేరం. వారానికి ఒక సాయంత్రం "నాది ఎనిమిది" అని నలుగురి ముందు పైకి చెప్పడం అలవాటైతే, సోమవారం మీటింగ్‌లో "ఆ బగ్ నావల్లే వచ్చింది" అనడం అంత బరువనిపించదు. ఏడుకొట్టి అయిదని రాసేవాణ్ణి మాత్రం అందరూ గుర్తుపడతారు, ఎవరూ ఏమీ అనరు, మళ్లీ పిలవరు.

రెండో పాఠం చెట్ల మధ్య దొరుకుతుంది. బంతి చెట్లలోకి పోయింది, రెండు మానుల మధ్య మూరెడు సందు కనిపిస్తుంది, గ్రీన్ అటే ఉంది. సందులోంచి కొట్టాలనే అనిపిస్తుంది. కొడితే పదిలో ఎనిమిదిసార్లు మానుకి తగిలి ఇంకా లోపలికి పోతుంది. పక్కకి, ఫెయిర్‌వే (టీనుంచి గ్రీన్ దాకా ఉండే గడ్డి బాట) వైపు మెల్లగా చిన్న దెబ్బ (చిప్) కొట్టి బయటపడితే పోయేది ఒక్క దెబ్బ. అసలు కొట్టలేని చోటుంటే, అన్‌ప్లేయబుల్ అని ఒక దెబ్బ కలుపుకోవచ్చు. అప్పుడు మూడు దారులు: ఇంతకుముందు కొట్టిన చోటికి పోవడం, బంతినీ గుంటనీ కలిపే గీత మీద వెనక్కి వెళ్లడం, రెండు క్లబ్బుల పొడవులో పక్కకి వదలడం. ఉద్యోగంలోనూ ఇంతే. హెచ్1బీ వీసా మీదున్నవాళ్లకి ఉద్యోగం పోయినప్పుడు గరిష్ఠంగా 60 రోజుల గడువుంటుంది. మొదటివారం కంగారులో దొరికిన ప్రతి సందులోకీ కొట్టేవాళ్లు ఎక్కువ. ముందు కూర్చుని బంతి ఎక్కడుందో, ఏ దారికి ఎంత ఖర్చో రాసుకోండి, లాయరుతో మాట్లాడండి. ఒక దెబ్బ పోయిందని ఒప్పుకున్నాకే మిగతా దారులు కళ్లకి కనిపిస్తాయి.

నాలుగు గంటలు తెలియనివాళ్లతో గడపడం మరో లాభం. ఒక్కరే వెళ్లినా స్టార్టర్ (ఆట మొదలుపెట్టించే ఉద్యోగి) మిమ్మల్ని ఎవరితోనో కలుపుతాడు. మీ పేరు నెమ్మదిగా రెండుసార్లు చెప్పండి, కుదించుకోనక్కర్లేదు. ప్రాజెక్టు కబుర్లు మీరు మొదలుపెట్టకండి, పిల్లలు, వాతావరణం, ఇంటి తోట చాలు. అడగందే సలహా ఇవ్వొద్దు. తాగే అలవాటు లేకపోతే డ్రింక్స్ బండి దగ్గర సోడా తీసుకోండి, ఎవరూ పట్టించుకోరు. శాకాహారులకి తొమ్మిదో హోల్ తర్వాత దొరికేది తక్కువ. రెండు అరటిపళ్లు, ఓ వేరుశనగ ఉండ బ్యాగులో వేసుకోండి.

ఇంట్లోవాళ్ల సంగతి మర్చిపోవద్దు. ప్రయాణంతో కలిపి 18 హోల్స్ అంటే సగం శనివారం పోయినట్టే. పసిపిల్లలున్న ఇల్లయితే 9 హోల్స్‌కే ఒప్పందం చేసుకోండి, ఇద్దరూ వంతులవారీగా ఆడండి. ఆడవాళ్లు ఆడరన్నది పాతమాట. ముందు టీలు (గ్రీన్‌కి దగ్గరగా ఉండేవి) ఆడవాళ్లకే అనుకోవద్దు, కొత్తగా నేర్చుకునే ఎవరైనా అక్కణ్ణుంచే కొట్టాలి. పిల్లలకి ఫస్ట్ టీ అనే సంస్థ శిక్షణ ఉంది. యూత్ ఆన్ కోర్స్ అనే పథకంలో చేర్పిస్తే 18 ఏళ్ల వరకు ఉన్నవాళ్లు అందులో చేరిన కోర్సుల్లో 5 డాలర్లకో అంతకన్నా తక్కువకో ఆడొచ్చు. సెలవులకి ఇంటికెళ్లినప్పుడు గోల్కొండ కోట పక్క నయాఖిల్లాలోనూ, విశాఖలో ఈస్ట్ పాయింట్‌లోనూ కోర్సులున్నాయి, తాతగారితో కలిసి ఓ పొద్దున చూసి రావచ్చు.

స్క్రాంబుల్ అయ్యాక ఆట నచ్చితే హ్యాండిక్యాప్ (మీ ఆట స్థాయిని చెప్పే అంకె) తీసుకోండి. 2020 నుంచి ప్రపంచమంతా ఒకే పద్ధతి. మొత్తం 54 హోల్స్ స్కోర్లు ఇస్తే చాలు, 9 హోల్స్‌వీ 18వీ కలిపి ఇవ్వొచ్చు. 20 స్కోర్లు పోగయ్యాక వాటిలో మంచివి 8 తీసి లెక్కిస్తారు. హ్యాండిక్యాప్ గరిష్ఠం 54, కాబట్టి మొదట్లో ఎక్కువొస్తే కంగారుపడొద్దు. ఆడినరోజే, అర్ధరాత్రి దాటకముందే, స్కోరు ఎక్కించేయండి. చెట్లలో పోయిన దెబ్బలూ, నీళ్లలో పడ్డవీ అన్నీ కలిపే.