బ్రాడ్వే వేడుక, బెంగళూరు వేకువ: టోనీ అవార్డులపై పాఠకుల ప్రశ్నలు

న్యూయార్క్‌లో బ్రాడ్వే నాటకాలకు ఏటా జూన్‌లో ఇచ్చే టోనీ అవార్డుల గురించి బెంగళూరు పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం.

ప్రశ్న: వేడుక ఆదివారం అన్నారు. ఆదివారం పొద్దున్నే లేచి కూర్చుంటే ఏమీ రాలేదు. అసలు మనకు ఎన్నింటికి మొదలవుతుంది? — పాఠకుడు, మారతహళ్లి

వాళ్ల ఆదివారం రాత్రి అంటే మనకు సోమవారం తెల్లవారుజాము. 2025లో వేడుక తేదీ జూన్ 8. మనం చూడాల్సింది జూన్ 9న. వేసవిలో అమెరికా వాళ్లు గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. అందుకే జూన్‌లో న్యూయార్క్‌కూ మనకూ తేడా తొమ్మిదిన్నర గంటలే. చలికాలపు పదిన్నర గంటల లెక్క గుర్తుపెట్టుకున్నవాళ్లు ఆరున్నరకు టీవీ పెట్టి మొదటి గంట పోగొట్టుకుంటారు. అక్కడ రాత్రి 8కి మొదలయ్యే ప్రధాన కార్యక్రమం మనకు 5.30కు మొదలై సుమారు 8.30కు ముగుస్తుంది.

దానికి ముందు ఇంకొక భాగం ఉంది. ఇటీవలి సంవత్సరాల్లో అది మన వేళ ప్రకారం 4 గంటలకో, 4.10కో మొదలవుతోంది. నిద్ర కోసం దాన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ. మా మాట వింటే వదలొద్దు. పోటీ విభాగాలు 26 ఉన్నాయి. పాటలు, ప్రకటనలు పోగా మూడు గంటల్లో అన్నీ పట్టవు కాబట్టి రంగాలంకరణ, ఆహార్యం, లైటింగ్, శబ్దం లాంటివి ముందు భాగంలోనే ఇచ్చేస్తారు. పుదుచ్చేరిలో మొదలయ్యే కథ 'లైఫ్ ఆఫ్ పై' 2023లో మూడు టోనీలు గెలిచింది: రంగాలంకరణకు, లైటింగ్‌కు, శబ్దానికి. అయిదున్నరకు లేచినవాళ్లు ఆ మూడూ అందుకోవడం చూడలేదు.

ప్రశ్న: ఇండియాలో ఏ ఛానల్లో వస్తుంది? వీపీఎన్ పెట్టుకోమంటున్నారు, పెట్టుకోవచ్చా? — పాఠకురాలు, యెలహంక

అమెరికాలో 1978 నుంచి దీన్ని సీబీఎస్ అనే టీవీ ఛానల్ ప్రసారం చేస్తోంది. సీబీఎస్‌లోనూ, పారామౌంట్ ప్లస్ అనే స్ట్రీమింగ్ సేవలోనూ వచ్చే ప్రత్యక్ష ప్రసారం అమెరికాలో ఉన్నవాళ్లకే. ఆ ఏడాది మన దేశానికి హక్కులు ఎవరైనా తీసుకున్నారేమో వేడుకకు వారం ముందు ఒకసారి చూసుకోండి. వీపీఎన్ (మనం ఇంకో దేశంలో ఉన్నట్టు చూపించే ఇంటర్నెట్ సేవ) మేం సూచించం. ఆ సేవల షరతులకు అది విరుద్ధం. పైగా చాలాచోట్ల అమెరికా చిరునామా ఉన్న కార్డు అడుగుతారు, సరిగ్గా ముఖ్యమైన అవార్డు వేళకే లింకు తెగుతుంది.

ప్రసారం దొరక్కపోయినా దారి ఉంది. విజేతల పేర్లు టోనీ అధికారిక వెబ్‌సైట్‌లో, సోషల్ మీడియా ఖాతాల్లో వెంటవెంటనే వస్తాయి. వేదికపై వేసిన పాటల వీడియోలు అధికారిక యూట్యూబ్ ఛానల్లోకి ఎక్కుతాయి. పేరూ ఊరూ లేని ఛానళ్లలో పూర్తి వేడుక అంటూ కనిపించేవాటి జోలికి వెళ్లకండి. పట్టుబడకుండా ఉండటానికి బొమ్మను ఎడమ కుడి తిప్పేస్తారు, ధ్వని వేగం మార్చేస్తారు. శ్రుతి మారిన పాట విని గాయకుల మీద అభిప్రాయం ఏర్పరచుకోవడం అన్యాయం.

ప్రశ్న: నాటకం చూడకుండా అవార్డుల వేడుక చూస్తే ఏం తెలుస్తుంది? ముందుగా ఎలా సిద్ధపడాలి? — పాఠకుడు, జయనగర్

సిద్ధపడితే చాలా తెలుస్తుంది. పడకపోతే మూడు గంటలపాటు మనకు తెలియనివాళ్లు మనకు తెలియనివాళ్లకు కృతజ్ఞతలు చెప్పడమే కనిపిస్తుంది.

నామినేషన్లు ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో వస్తాయి. 2025లో మే 1న వచ్చాయి. అక్కడి నుంచి వేడుకకు సుమారు అయిదు వారాలు. అన్ని విభాగాల వెంటా పడకుండా ఉత్తమ మ్యూజికల్‌కు, అంటే పాటలతో నడిచే నాటకాల అవార్డుకు, పోటీపడేవి తీసుకోండి. మామూలుగా అయిదుంటాయి. వారానికొకటి. ముందు కథాసంగ్రహం చదవండి, ఆ తర్వాత ఆ నటులే పాడిన ఆల్బమ్‌ను మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసలో వినండి. షఫుల్ తప్పక ఆపేయండి. మ్యూజికల్‌లో కథ పాటలోనే ముందుకు నడుస్తుంది, వరస తప్పితే ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో అర్థం కాదు. ఆల్బమ్ చాలావరకు గంటా గంటంపావు. సాయంత్రం సిల్క్‌బోర్డు దగ్గర ఎక్కి హెబ్బాళలో దిగేలోపు ఒకటి పూర్తవుతుంది.

రెండోసారి నాలుగు పాటలు చాలు. తెర లేవగానే వచ్చే బృందగానం ఒకటి. తనకేం కావాలో ప్రధాన పాత్ర చెప్పుకునే పాట ఒకటి, ఇది మొదటి అంకం తొలి భాగంలోనే ఉంటుంది. మూడోది విరామానికి ముందు పాట. నాలుగోది రెండో అంకం చివరికొస్తుండగా ప్రధాన నటి గానీ నటుడు గానీ తమ సత్తా అంతా చూపించే పాట. అభిమానులు దాన్ని ఎలెవెన్ ఓ క్లాక్ నంబర్ అంటారు. మన పద్యనాటకంలో వన్స్‌మోర్ పడే పద్యం లాంటిది. ఉత్తమ నటుల అంచనా వేయాలంటే ముందు ఈ నాలుగో పాట వినండి.

ఒక చిక్కుంది. కొన్ని ఆల్బమ్‌లు వేడుక అయ్యాక గానీ రావు. అలాంటప్పుడు నిర్మాణ సంస్థ పెట్టిన చిన్న వీడియోలే ఆధారం. వాటిలో ఎప్పుడూ బాగున్న ముక్కే ఉంటుందని గుర్తుంచుకోండి. వచన నాటకాలకు పాటలుండవు కాబట్టి అచ్చయిన స్క్రిప్టు దొరికితే చదవండి. దొరక్కపోతే మెచ్చుకున్న సమీక్ష ఒకటి, తప్పుపట్టిన సమీక్ష ఒకటి చదివితే నాటకం రూపురేఖలు తెలుస్తాయి.

ప్రశ్న: ఆల్బమ్‌లో అంత బాగున్న పాట టీవీలో చప్పగా ఉంది. నటులు సరిగా చేయలేదా? — పాఠకురాలు, హెచ్ఎస్ఆర్ లేఅవుట్

చాలాసార్లు తప్పు నటులది కాదు. బ్రాడ్వే థియేటర్ అనిపించుకోవాలంటే కనీసం 500 సీట్లుండాలి. పెద్దవాటిలో కూడా రెండు వేలలోపే. వేడుక ఎక్కువసార్లు జరిగే రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో సుమారు 6,000 సీట్లు. చిన్న థియేటర్ కొలతలకు కట్టిన సెట్టును అంత పెద్ద వేదిక మీద పెట్టలేరు, నిమిషాల్లో తీసి ఇంకో బృందానికి చోటివ్వాలి కూడా. కాబట్టి సెట్టులో కొంత భాగమే తెస్తారు. తిరిగే వేదిక, గాల్లోంచి దిగే వంతెన లాంటివి చాలావరకు ఇంటి దగ్గరే ఆగిపోతాయి.

వేడుకలో ఒక్కో నాటకానికి దొరికే సమయం మూడు నుంచి అయిదు నిమిషాలు. అందుకని రెండు మూడు పాటల ముక్కలు అతికిస్తారు. రెండున్నర గంటల కథలో మెల్లగా పేరుకున్న బరువు ఆ ముక్కలకు ఎక్కడినుంచి వస్తుంది? పైగా ఈ ప్రదర్శన ఖర్చులో పెద్ద భాగం ఆ నాటకం నిర్మాతలదే. లక్షలమందికి చేరే ప్రకటన ఇది, అందుకే లోతైన పాట కన్నా టికెట్లు అమ్మే పాటనే ఎంచుకుంటారు. ఇది తెలిశాక వేడుకలో వచ్చిన పాటను బట్టి ఆ నాటకం బాగోగులు తేల్చకూడదని మీకే అనిపిస్తుంది.

కెమెరా సంగతి ఇంకొకటి. రంగస్థల నృత్యాన్ని హాల్లోంచి మొత్తం వేదికను చూసేవాళ్ల కోసం కూరుస్తారు. ఇరవైమంది కలిసి చేసే కదలిక మధ్యలో కెమెరా ఒక ముఖం దగ్గరకు వెళ్తే ఆ కూర్పంతా పోతుంది. నృత్యదర్శకత్వం అవార్డు అంచనా వేసేటప్పుడు దూరం నుంచి తీసిన షాట్లనే లెక్కలోకి తీసుకోండి.

ఇక నటుల అలసట. ఆదివారం ఉదయం వేడుక రిహార్సల్, మధ్యాహ్నం తమ థియేటర్లో మామూలు ప్రదర్శన, రాత్రి వేడుక. ఈ మూడూ చేసే బృందాలు ఎన్నో.

కొన్నిసార్లు ఆ రోజు పరిస్థితి కూడా దృశ్యాన్ని మార్చేస్తుంది. 2016 జూన్ 12న అమెరికాలోని ఓర్లాండో నగరంలో కాల్పులు జరిగాయి. ఆ రాత్రే జరిగిన వేడుకలో, అమెరికా స్వాతంత్ర్య పోరాట కాలపు మ్యూజికల్ 'హామిల్టన్' బృందం యుద్ధ గీతాన్ని తుపాకులు లేకుండా ఆడింది. థియేటర్లో ఆ నృత్యం తుపాకులు పట్టుకునే చేస్తారు.

ప్రశ్న: పెద్ద పాత్ర వేసినవాళ్లు ఒక్కోసారి సహాయనటుల విభాగంలో ఉంటారు. ఎవరు నిర్ణయిస్తారు? — పాఠకుడు, కె.ఆర్.పురం

పోస్టరు నిర్ణయిస్తుంది. ప్రారంభపు రోజుకి నాటకం పేరుకు పైన పేరుంటే ప్రధాన విభాగం, కింద ఉంటే సహాయ విభాగం. ఇది మూల సూత్రం. నిర్మాతలు కోరితే టోనీ పాలక సంఘం మార్చవచ్చు. సీజన్‌లో నాలుగైదుసార్లు ఆ సంఘం నిర్ణయాలు వార్తల్లో వస్తాయి, అవి చదివితే నామినేషన్ల నాడు ఆశ్చర్యపోనక్కర్లేదు. రంగం మీద ఎన్ని నిమిషాలున్నారన్నది లెక్క కాదు. 'హామిల్టన్'లో రాజు పాత్ర వేసిన జొనాథన్ గ్రాఫ్ చాలా కొద్దిసేపే కనిపిస్తాడు. వాషింగ్టన్ పాత్రధారి నాటకం పొడవునా ఉంటాడు. ఇద్దరికీ ఒకే సహాయనటుడి విభాగంలో నామినేషన్ వచ్చింది. గెలిచింది అదే నాటకంలోని డవీడ్ డిగ్స్.

ప్రశ్న: మన పరిషత్తు పోటీల్లో న్యాయనిర్ణేతలు ముందు వరసలో కూర్చుని అన్ని నాటకాలూ చూసి మార్కులేస్తారు. అక్కడ ఎలా? — పాఠకుడు, రామమూర్తినగర్

రెండు దశలున్నాయి. ముందు ఒక నామినేటింగ్ కమిటీ సీజన్లో వచ్చిన నాటకాలు చూసి జాబితా తయారుచేస్తుంది. తర్వాత ఎనిమిది వందలకు పైబడిన ఓటర్లు ఓటేస్తారు. ఒక విభాగంలో ఓటేయాలంటే అందులో నామినేట్ అయినవన్నీ చూసి ఉండాలి. మన పరిషత్తులో నాటకాలన్నీ ఒకే వేదికకు వస్తాయి, ఒకే లైట్లు, ఒకే మైకులు. అక్కడ ఓటరే ఒక్కో థియేటర్‌కు వెళ్లాలి. పోల్చడానికి మన పద్ధతే న్యాయంగా ఉంటుంది. రంగాలంకరణను అది పనిచేసే చోట చూడటానికి మాత్రం వాళ్ల పద్ధతి మేలు.

ఓటర్లలో నటులు, దర్శకులు, డిజైనర్లతోపాటు నిర్మాతలూ, ఇతర నగరాల్లో నాటకాలు వేయించేవాళ్లూ ఉంటారు. ఊరూరా తిరిగి ఆడగల నాటకానికి ఇది కలిసొస్తుందని చాలామంది లెక్కవేస్తారు. ఆ లెక్క ప్రతిసారీ నిలబడదు. 2004లో భారీ నాటకం 'విక్డ్'ను కాదని చిన్న బొమ్మలాట మ్యూజికల్ 'ఎవెన్యూ క్యూ'కు ఉత్తమ మ్యూజికల్ ఇచ్చారు. 2003లో మొదలైన 'విక్డ్' మాత్రం ఆ ఓటమి తర్వాత ఇరవై ఏళ్లు దాటినా ఆడుతూనే వచ్చింది.

ప్రశ్న: ఎ.ఆర్.రెహమాన్‌కు టోనీ వచ్చిందా? — పాఠకురాలు, వైట్‌ఫీల్డ్

రాలేదు. ఆయన సంగీతంతో 'బాంబే డ్రీమ్స్' 2004లో బ్రాడ్వేకు వచ్చింది. నృత్యదర్శకత్వం, దుస్తులు, వాద్యసంయోజన విభాగాల్లో నామినేషన్లు దక్కాయి. నృత్యానికి నామినేట్ అయిన ఇద్దరిలో ఫరా ఖాన్ ఒకరు.

ప్రశ్న: ఉత్తమ మ్యూజికల్ అయి ఉండి, ఉత్తమ సంగీతం విభాగంలో పేరే లేకపోవడం ఏమిటి? — పాఠకుడు, బనశంకరి

సంగీతం విభాగంలో రంగస్థలం కోసం కొత్తగా రాసినదే చెల్లుతుంది. అప్పటికే ప్రచారంలో ఉన్న పాటలు తెచ్చి కథ అల్లిన మ్యూజికల్‌కు అక్కడ చోటుండదు. 'మౌలా రూజ్' అలాంటిదే. అది గెలిచిన సీజన్‌లో కొత్త సంగీతంతో అర్హత పొందిన ఒకే ఒక్క మ్యూజికల్ 'ద లైట్నింగ్ థీఫ్'కు నామినేషన్ రాలేదు, సంగీతం నామినేషన్లన్నీ వచన నాటకాలకు వెళ్లాయి. 'ఎ క్రిస్మస్ క్యారల్' గెలిచింది. ఇలాంటి పాత పాటల మ్యూజికల్ వాద్యసంయోజన విభాగంలో మాత్రం పోటీపడొచ్చు. పాత పాటను కొత్త వాద్యాలతో ఎలా మలిచారో అక్కడ చూస్తారు.

పాత నాటకాన్ని తిరిగి వేస్తే పునఃప్రదర్శన విభాగంలో నిలబడుతుంది. ఈ విభాగాన్ని మేం ప్రత్యేకంగా గమనిస్తాం. 1981లో ప్రారంభమయ్యాక 16 ప్రదర్శనలకే మూతపడ్డ 'మెరిలీ వి రోల్ ఎలాంగ్' 2024లో ఈ విభాగంలోనే గెలిచింది.

ప్రశ్న: అపార్ట్‌మెంట్‌లో పదిమంది అభిమానులం ఉన్నాం. కలిసి చూడాలంటే ఏర్పాట్లు చెప్పండి. — పాఠకురాలు, సర్జాపుర రోడ్డు

సోమవారం తెల్లవారుజామున పదిమంది కూడటం కష్టం. ప్రత్యక్షంగా ఎవరిళ్లలో వాళ్లు అనుసరించి, ఆ శనివారం సాయంత్రం ఒకరింట్లో కూర్చుని అధికారిక వీడియోలు చూడండి. క్లబ్‌హౌస్ పెద్దతెర వద్దు, బహిరంగ ప్రదర్శనకు వేరే అనుమతి కావాలి.

టీవీలో మోషన్ స్మూతింగ్ (కదలికలు నునుపుగా కనిపించేలా చేసే సెట్టింగ్) ఆపేయండి. వేగంగా కదిలే చేతులు, పావడా అంచులు దానివల్లే అలుక్కుపోతాయి. మాట స్పష్టంగా వినిపించే సౌండ్ మోడ్ ప్రసంగాలకు బాగుంటుంది కానీ పాటల్లో ఆర్కెస్ట్రాను పలచన చేస్తుంది. పాటలకు మామూలు మోడ్ పెట్టండి. యూట్యూబ్ నాణ్యతను ఆటోలో వదలకుండా 1080పి ఎంచుకోండి. తానంతట పుట్టే క్యాప్షన్లు పాటల్లో తప్పులతడకగా వస్తాయి, సాహిత్యం విడిగా ఫోన్లో పెట్టుకోండి.

జూన్ గాలివానకు కరెంటు పోతే ఇన్వర్టర్ మీద రౌటర్ ఒక్కటే ఉంటే చాలదు. ఫైబర్ తీగ వచ్చి చేరే పెట్టె విడిగా ఉంటే దానికీ కరెంటు కావాలి. మొబైల్ డేటాకు మారితే హెచ్‌డీ వీడియో గంటకు ఒకటి నుంచి మూడు జీబీ తింటుంది, రోజుకు రెండు జీబీల ప్యాక్ మధ్యలోనే అయిపోతుంది.

పందెం సరదా కావాలంటే 26 విభాగాల పట్టిక చేసి వాట్సాప్‌లో అందరి ఊహలూ తీసుకోండి. గడువు ఆదివారం రాత్రి పదికి పెట్టండి. తెల్లవారేదాకా ఉంచితే 4 గంటల అవార్డులు చూసి రాసేవాళ్లుంటారు. విభాగానికి ఒక మార్కు, ఉత్తమ మ్యూజికల్‌కూ ఉత్తమ నాటకానికీ మూడేసి. ఇద్దరికి సమానంగా వస్తే తేల్చడానికి, ఏ నాటకానికి అత్యధికంగా ఎన్ని అవార్డులొస్తాయో ముందే రాయించండి. ఒకే అవార్డు రెండు నాటకాలకు రావడం కూడా జరుగుతుంది. 1960లో ఉత్తమ మ్యూజికల్ 'ఫియరెల్లో', 'ద సౌండ్ ఆఫ్ మ్యూజిక్' రెంటికీ వచ్చింది. అలా జరిగితే రెంటిలో ఏది రాసినవాళ్లకైనా పూర్తి మార్కులివ్వాలని ముందే రాసిపెట్టుకోండి.