టీఎంటీలో బీపీ 214కు చేరితే గుండె జబ్బు ఉన్నట్టేనా?

మీ వయసు 46 అనీ, టీఎంటీలో, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపించి గుండె పనితీరును చూసే పరీక్షలో, 9 నిమిషాల 10 సెకన్లు నడిచారనీ, గుండె వేగం 166కు, బీపీ 128/82 నుంచి 214/84కు చేరిందనీ, ఆపిన నిమిషానికి గుండె వేగం 142కు దిగిందనీ రాశారు. ఈసీజీలో మార్పు గానీ ఛాతీలో నొప్పి గానీ లేకపోయినా, రిపోర్టు చివర ‘ఎగ్జాజరేటెడ్ బీపీ రెస్పాన్స్’ (శ్రమకు బీపీ మామూలు కన్నా ఎక్కువ పెరగడం) అన్న మాట ఉండడంతో ఇది గుండె జబ్బేమోననీ, వెంటనే మాత్రలు మొదలుపెట్టాలేమోననీ ఆందోళన పడుతున్నారు. నేను వైద్యుడిని కాను. అయితే మూడేళ్ల క్రితం ఇటువంటి ఒక్క వాక్యమే నాకు పది రోజులు నిద్ర లేకుండా చేసింది కాబట్టి, ఆ తర్వాత మా కార్డియాలజిస్టు ఓపికగా కూర్చోబెట్టి వివరించిన విషయాలను మీతో పంచుకోవాలనిపించింది.

నాకు అప్పుడు 52 ఏళ్లు. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో టీఎంటీ చేయించుకున్నాను. ఆరున్నర నిమిషాలకే కాళ్లు లాగేశాయి; గుండె వేగం 121 దాటలేదు. 220లోంచి వయసు తీసేస్తే నాకు గరిష్ఠం 168, అందులో 85 శాతం అంటే 143 అందుకోవాలి. అందుకోలేదు కాబట్టి ‘ఇన్‌కన్‌క్లూజివ్’, అంటే ఏదీ తేల్చలేమని, రాసి పంపించారు. బీపీకి నేను రోజూ మెటోప్రొలాల్ వేసుకుంటున్న సంగతిని అక్కడ ఎవరూ అడగలేదు, చెప్పాలని నాకూ తెలియదు. ఆ మాత్ర బీటా బ్లాకర్ల జాతికి చెందినది. గుండె వేగాన్ని పెరగనివ్వకపోవడమే దాని పని. అంటే యంత్రం చూపించింది నా గుండె బలహీనతను కాదు, మాత్ర ప్రభావాన్ని. డాక్టరు గారు రెండు వారాల్లో దాన్ని క్రమంగా తగ్గించి, వేరే మాత్రకు మార్చి, మళ్లీ పరీక్ష చేయించినప్పుడు వేగం 149కు చేరింది, పరీక్ష నెగటివ్ అని వచ్చింది. బీటా బ్లాకర్‌ను ఎవరికి వారు ఒక్కసారిగా మానేయడం ప్రమాదకరం. అది డాక్టరు చూసి చేయవలసిన మార్పు. మీరు ఏ మాత్రలూ వాడడం లేదని రాశారు కనుక మీ అంకెలను ఉన్నవి ఉన్నట్టుగానే చదువుకోవచ్చు.

మీ గరిష్ఠ వేగం లెక్క ప్రకారం 174. 166 అంటే దాదాపు 95 శాతం. ఈ 220 సూత్రం ఉజ్జాయింపు మాత్రమే, ఆరోగ్యవంతులలోనూ పది పన్నెండు అటూ ఇటూ ఉంటుంది. కానీ మీ పరీక్ష అసంపూర్ణం కాదని చెప్పడానికి అది చాలు. ఆపిన తర్వాత మొదటి నిమిషంలో 24 తగ్గింది. నెమ్మదిగా నడుస్తూ చల్లబడే పద్ధతిలో ఈ తగ్గుదల 12 లేదా అంతకంటే తక్కువైతే మంచి సూచన కాదని అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ ఆసుపత్రి వైద్యులు 1999లో ప్రచురించిన అధ్యయనం తర్వాత చాలా చోట్ల దీన్ని గమనిస్తున్నారు. మీది దానికి రెట్టింపు.

ఇక బీపీ సంగతి. సియాటెల్‌లో డాక్టర్ రాబర్ట్ బ్రూస్ 1960లలో రూపొందించిన పద్ధతిలో మూడేసి నిమిషాలకొకసారి వేగమూ ఏటవాలూ పెరుగుతాయి. ఆ పద్ధతిలో తొమ్మిది నిమిషాలు పూర్తి చేశారంటే సుమారు 10 మెట్‌ల శ్రమ చేశారన్నమాట. కూర్చుని ఉన్నప్పుడు శరీరం చేసే శక్తి ఖర్చును ఒక మెట్ అంటారు. శ్రమ ఒక్కో మెట్ పెరిగే కొద్దీ పై అంకె సుమారు 10 పెరగడం సహజం. మీరు తొమ్మిది మెట్‌లు పైకెక్కారు, పై అంకె 86 పెరిగింది. మగవారిలో 210, ఆడవారిలో 190 దాటితే ‘ఎగ్జాజరేటెడ్’ అని రాయడం ఆనవాయితీ కాబట్టి మీ రిపోర్టులో ఆ మాట వచ్చింది. ఇదే 214 మూడో నిమిషంలోనే వచ్చి ఉంటే నేను మరోలా రాసేవాడిని. కింది అంకె దాదాపు కదలకుండా ఉండడం కూడా ఉండవలసిన తీరే.

పెరగడం కన్నా, శ్రమ పెరుగుతూ ఉండగా పై అంకె పడిపోవడమే ఎక్కువ భయపడవలసిన విషయమని మా డాక్టరు గారు నొక్కి చెప్పారు. విశ్రాంతిలోని అంకె కన్నా 10కి మించి కిందికి పోయి, దానితో పాటు ఛాతీ నొప్పి గానీ ఈసీజీ మార్పు గానీ కనిపిస్తే పరీక్షను అక్కడికక్కడే ఆపేస్తారు, ఎందుకంటే ముఖ్యమైన రక్తనాళాలలో తీవ్రమైన అడ్డంకి ఉన్నప్పుడు గుండె తగినంత రక్తాన్ని పంపలేకపోవచ్చు. మీకు అలాంటిదేమీ జరగలేదు.

అలాగని ఆ మాటను పక్కన పెట్టేయమని చెప్పను. శ్రమలో బీపీ ఇలా పెరిగేవారిలో కొందరికి తర్వాతి ఏళ్లలో నిలకడగా అధిక రక్తపోటు వచ్చే అవకాశం ఎక్కువ, పైగా మీ 128/82 కూడా అంచుకు దగ్గరగానే ఉంది. మాత్రల నిర్ణయం ట్రెడ్‌మిల్ అంకె మీద కాక విశ్రాంతిలోని అంకెల మీద ఆధారపడుతుంది. పై చేతికి పట్టీ కట్టే యంత్రంతో వారం రోజులు, ఉదయం సాయంత్రం, ఐదు నిమిషాలు కదలకుండా కూర్చున్నాక రెండేసి సార్లు కొలిచి రాసుకోండి; మొదటి రోజువి వదిలేసి మిగతా వాటి సగటు తీయండి. అది 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టరుకు చూపించవలసిందే. నెగటివ్ టీఎంటీ కూడా చిన్న అడ్డంకులను పట్టుకోలేదు కనుక, ఎప్పుడైనా నడకలో ఛాతీ బిగుసుకున్నట్టు అనిపిస్తే ఈ రిపోర్టును చూసి ధైర్యం తెచ్చుకోకుండా వెంటనే వెళ్లండి.

డాక్టరు దగ్గరకు చివరి వాక్యం ఉన్న పేజీ ఒక్కటే తీసుకెళ్లకండి. ప్రతి దశలోనూ, రికవరీలోనూ (నడక ఆపాక తేరుకునేటప్పుడు) గుండె వేగమూ బీపీ రాసిన పట్టిక ఉంటుంది. అది ఇవ్వకపోయి ఉంటే అడిగి తీసుకోండి. ఆ పట్టికతో పాటు మీరు ట్రెడ్‌మిల్ కమ్మీలను గట్టిగా పట్టుకుని నడిచారా లేదా అన్నది కూడా చెప్పండి, ఎందుకంటే పట్టుకుని నడిస్తే నిజంగా చేసిన శ్రమ తొమ్మిది నిమిషాలు సూచించే దానికన్నా తక్కువ అవుతుంది, అప్పుడు నేను పైన వేసిన మెట్‌ల లెక్క కూడా మారుతుంది.